అందరూ ఇంత మర్యాదగా ఎందుకున్నారు

ఇంట్లో ఆమెను పిచ్చుక అనే పిలిచేవారు. సన్నగా ఉంటుందని కొంత, ఒకచోట కుదురుగా కూర్చోకుండా అటూ ఇటూ చూస్తూనే ఉంటుందని కొంత. చదువు పూర్తయ్యాక ఉద్యోగం వెతుక్కుంటూ అక్కా బావల దగ్గరికి వచ్చి చేరింది. అద్దాలు కోసే దుకాణం పైన వాళ్ళవి రెండు గదులు. పగలంతా గాజు గీసే కీచుమనే చప్పుడు మెట్లెక్కి పైకి వచ్చేది. బావ బస్సులకు సీట్లు కుట్టేవాడు. బస్టాండు వెనక సందులో ఆయన షెడ్డు. తక్కువ మాటల మనిషి. సూది చేతిలో ఉంటే అసలు మాట్లాడడు.

ఉద్యోగమైతే దొరికింది గానీ, అదేం ఉద్యోగమో ఎవరికీ చెప్పుకోవడానికి లేదు. ఊళ్ళ మధ్య బస్సులు నడిపే ఒక ప్రైవేటు కంపెనీ అది. మామూలు ప్రయాణికురాలిలా టికెట్టు కొనుక్కుని బస్సెక్కాలి. డ్రైవరు ఫోన్లో మాట్లాడుతున్నాడా, కండక్టరు జనం మీద విసుక్కుంటున్నాడా, ఆగకూడని చోట బస్సు ఆగిందా, అన్నీ చూసి మేనేజరుకు చెప్పాలి. ఆ మేనేజరు ఎప్పుడూ చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ ఉండే మనిషి. చేరిన రోజే గట్టిగా చెప్పాడు.

"నువ్వేం చేస్తున్నావో మీ ఇంట్లో కూడా తెలియకూడదమ్మా. ఇల్లు దాటిన మాట ఊరంతా తిరుగుతుంది."

అందుకని పిచ్చుక ఇంట్లో ఒక అబద్ధం చెప్పింది. కంపెనీ ఊరూరా పెట్టిన ఆఫీసుల్లో కస్టమర్లతో మాట్లాడే పని అంది. అక్క నమ్మింది. బావ "మంచిదమ్మా" అని ఊరుకున్నాడు.

మొదట్లో ఆమెకు ఆ పని భలే నచ్చింది. కిటికీ పక్కన కూర్చుని నిద్ర నటిస్తూ సగం మూసిన కళ్ళతో బస్సంతా చూసేది. ఒకసారి ఒక కండక్టరు దిగడానికి ఆలస్యం చేసిన ముసలావిడను నోటికొచ్చినట్టు తిట్టాడు. పిచ్చుక ఆ సంగతి చెప్పింది. ఆ తర్వాత ఆ దారిలో అతను మళ్ళీ కనపడలేదు. ఆ రోజు ఆమెకు తన మాటకు ఎంత బరువుందో తెలిసొచ్చింది.

కానీ అలాంటి పని చేసే మనిషి బస్సు దిగగానే కళ్ళు మూసుకోలేదు కదా. ఇంట్లోనూ అదే చూపు. అక్క ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడితే ఎవరితో అని చెవి రిక్కించేది. కింద దుకాణంవాడు పలకరిస్తే, వీడికి నాతో ఏం పని అనుకునేది. "ఏంటే, పోలీసులా చూస్తావు?" అని అక్క నవ్వేది. ఇది కూడా ఎందుకన్నదో అని పిచ్చుక మనసులో తిప్పుకునేది.

అలా ఉండగా బస్సుల్లో ఏదో మారింది.

మొదట ఒక కండక్టరు వచ్చి, అడగకుండానే నీళ్ళ సీసా చేతికిచ్చాడు. "ఎండగా ఉందమ్మా, తాగండి" అన్నాడు. చుట్టూ చూసింది. ఇంకెవరికీ ఇవ్వలేదు. మరుసటి వారం ఇంకో బస్సులో, ఇంకో కండక్టరు ఒకాయన్ని లేపి మరీ ఆమెకు కిటికీ సీటు ఇప్పించాడు. దారిలో టీ కోసం ఆగినప్పుడు డ్రైవరు దూరంగా నిలబడి, ఆమె మళ్ళీ బస్సెక్కేదాకా ఇంజను తిప్పలేదు. ఫోన్లు జేబుల్లోంచి బయటికి రావడం మానేశాయి. తిట్లు లేవు, కసుర్లు లేవు. ఒక డ్రైవరైతే హారన్ కొట్టడానికి కూడా మొహమాటపడుతున్నట్టు, ముందున్న గేదెల బండి వెనకాలే ఓపిగ్గా పాకించాడు.

లోకంలో మంచితనం ఇలా మూకుమ్మడిగా పుట్టుకొస్తుందంటే పిచ్చుకకు నమ్మబుద్ధి కాలేదు. ఎవరో తన సంగతి చెప్పేశారు. చెప్పిందెవరు?

పరీక్ష పెట్టాలనుకుంది. జడ విప్పి ముడి పెట్టింది. అక్క పాత కళ్ళజోడు పెట్టుకుంది. దాంతో మెట్టు కనపడక బస్సెక్కబోతూ తూలింది. కండక్టరు గబుక్కున చెయ్యి అందించి, "జాగ్రత్తమ్మా, అలవాటు లేనట్టుంది" అన్నాడు. దేనికి అలవాటు లేదన్నాడు, బస్సుకా, కళ్ళజోడుకా? ఆ ప్రయాణమంతా ఆమె ఆ ఒక్క మాటనే నములుతూ కూర్చుంది.

మొదట ఆఫీసులో ఫైళ్ళు మోసే గుమాస్తాను అనుమానించింది. కానీ ఆమె పేరు కూడా అతనికి సరిగ్గా తెలియదు. మేనేజరే తనను పరీక్షిస్తున్నాడేమో అనుకుంది. ఒక సాయంత్రం పెందలాడే బస్సు దిగి, అక్క చెప్పిన చిన్న పనేదో గుర్తొచ్చి బావ షెడ్డు వైపు నడిచింది. సందు మలుపు తిరగ్గానే నవ్వులు వినిపించాయి. లోపల విప్పి పడేసిన సీట్ల మీద ఇద్దరు డ్రైవర్లు, గుబురు మీసాల కండక్టరు ఒకడు కూర్చుని ఉన్నారు. ముగ్గురూ ఆ కంపెనీ యూనిఫాంలోనే ఉన్నారు. మధ్యలో బావ రెక్సిను కత్తిరిస్తూ తనూ నవ్వుతున్నాడు. అంత తక్కువ మాటల మనిషి.

ఆమె గుమ్మంలోకి రాగానే నవ్వులు టక్కున ఆగిపోయాయి. మీసాల కండక్టరు లేచి, "వస్తాం మేస్త్రీ" అన్నాడు. మిగతా ఇద్దరూ అతని వెనకే తల వంచుకుని వెళ్ళిపోయారు. బావ ఆమె వంక ఒకసారి చూసి మళ్ళీ కత్తెర పట్టుకున్నాడు.

"వాళ్ళు మీకు బాగా తెలుసా బావా?" అనడిగింది.

"సీట్లు కుట్టించుకోవడానికి వస్తుంటారు" అన్నాడు ఆయన, తలెత్తకుండా.

అంతే, పిచ్చుక మనసులో ముడి పడిపోయింది. ఆ తర్వాత సెలవు దొరికినప్పుడల్లా ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు మెట్ల మీద నిలబడి షెడ్డుకు ఎవరొస్తున్నారో చూసేది. కంపెనీ డబ్బు తీసుకుని బస్సులో చేసే పనిని ఇప్పుడు ఊరికే, సొంత మనిషి మీద చేస్తోంది. అది ఆమెకు తట్టలేదు.

ఇంతలో మేనేజరు పిలిపించాడు. కుర్చీ చూపించలేదు.

"కొన్నాళ్ళుగా నువ్వు చెప్పేదంతా ఒకటే. అంతా బాగుంది, అందరూ మంచివాళ్ళు. ప్రయాణికులేమో నా ప్రాణం తోడేస్తున్నారు. తిట్టాడని ఒకరు, నడిరోడ్డు మీద దించేశాడని ఒకరు. నువ్వెక్కిన బస్సులోనే ఏమీ జరగదేం?"

"నేనెవరో వాళ్ళకు తెలిసిపోయింది సార్."

"అయ్యుండొచ్చు. లేదా నువ్వు వాళ్ళతో కలిసిపోయి ఉండొచ్చు. ఏదైనా నాకొకటే. రేపట్నించి రానక్కర్లేదు."

కలిసిపోయావన్న మాట ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. ఏదో అనబోయింది. ఆయన అప్పటికే రుమాలుతో మెడ తుడుచుకుంటూ ఫోనెత్తాడు.

సాయంత్రం అన్నాల దగ్గర కూర్చున్నారు. పిచ్చుక ముద్ద కలుపుతోంది గానీ నోట్లో పెట్టుకోవడం లేదు. అక్క ఏమైందని అడిగితే ఉద్యోగం పోయిందని చెప్పింది. ఏ ఉద్యోగం పోయిందో కూడా చెప్పింది, మొదట్నించీ. అక్క నోరు తెరుచుకుని వింది. బావ తలెత్తలేదు. ఆ తలెత్తకపోవడమే ఆమెలో నిప్పు రాజేసింది.

"నువ్వే చెప్పావు" అంది బావతో. "నీ షెడ్డులో కూర్చుని వాళ్ళతో నవ్వుతూ నువ్వే చెప్పావు. నాలుగు సీట్ల గిరాకీ కోసం నా పొట్ట కొట్టావు."

ఆమె ఎప్పుడూ బావను మీరు అని తప్ప పిలిచి ఎరగదు. అక్క కంచం పక్కకు నెట్టింది.

"ఎవరితో మాట్లాడుతున్నావే నువ్వు? ఇన్నాళ్ళూ మాకు అబద్ధం చెప్పి ఈ ఇంట్లో తిన్నది నువ్వు. ఆయన్నంటావా?"

బావ లేచాడు. చెయ్యి కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కాదన్నాడా, అవునన్నాడా? ఏదీ అనలేదు. తప్పు చెయ్యనివాడు నోరు విప్పడా అని పిచ్చుక తనకు తాను చెప్పుకుంది. కానీ ఆ పూట కంచం అలాగే వదిలేసి లేచింది.

ఆ తర్వాత ఇంట్లో ముగ్గురూ ఒకరినొకరు తగలకుండా తిరిగారు. పిచ్చుక పేపర్లో ప్రకటనలు చూసి ఫోన్లు చేసింది. పక్క ఊళ్ళో పెద్ద లాండ్రీ ఒకటుంది. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ పక్కబట్టలు ఉతికే చోటు. ముందు కౌంటర్లో మనిషి కావాలన్నారు. ఒక జత బట్టలు, సర్టిఫికెట్లు సంచిలో పెట్టుకుని బయల్దేరింది. ఆ ఊరికి ఆ సమయంలో వెళ్ళేది ఆ కంపెనీ బస్సొక్కటే.

ఎక్కేసరికి లోపల ఆ గుబురు మీసాల కండక్టరే. ఆమెను చూసి, ఒళ్ళో సంచిని చూసి, కనుబొమలెగరేశాడు.

"ఈవేళ సంచి ఉందే?" అన్నాడు.

"ఉంటే?"

"ఏం లేదమ్మా. ఇన్నాళ్ళూ చేతులూపుకుంటూ వచ్చేవారు. అంత దూరం ప్రయాణం చేసి, దిగి, అటు తిరిగి ఇటు తిరిగి, మళ్ళీ మా బస్సుకే వెనక్కి వచ్చేసేవారు. సంచి లేదు, చుట్టం లేదు, పని లేదు. ఎవరైనా అలా తిరుగుతారా?"

పిచ్చుక సంచిని దగ్గరికి లాక్కుంది. అతను టికెట్లు కొట్టడం ముగించి వచ్చి పక్క వరసలో కూలబడ్డాడు.

"నిజం చెప్పనా? మొదట్లో మేమంతా, పాపం ఎవరినో ప్రేమించి మోసపోయిన పిల్లేమో అనుకున్నాం. కిటికీలోంచి శూన్యంలోకి చూస్తూ కూర్చునేవారు కదా. మా డ్రైవరుకు మీ ఈడు చెల్లెలుంది. ఏ వంతెన దగ్గరో దిగిపోయి ఏ అఘాయిత్యమో చేసుకుంటుందేమో, ఒక కన్నేసి ఉంచండ్రా అని అందరికీ చెప్పాడు. నీళ్ళివ్వడం, సీటివ్వడం, మీ ముందు నోరు జారకుండా ఒద్దికగా ఉండడం, అంతా అందుకే. మీరు కంపెనీ మనిషని చాలా తర్వాత తెలిసింది. ఆ కళ్ళజోడు పెట్టుకుని వేషం మార్చుకొచ్చారే, అప్పుడు."

ఆమెకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె వాళ్ళను కాపలా కాస్తున్నాననుకుంటుంటే, వాళ్ళు ఆమెను కాపలా కాశారు. అయినా మనసు చివరి గడియ తియ్యలేదు.

"మరి సీట్లు కుట్టే మేస్త్రీ? ఆయన చెప్పలేదా నా గురించి?"

"మేస్త్రీకి మీరెలా తెలుసు? ఆ రోజు షెడ్డుకు మా కోసమే వచ్చారనుకున్నాం."

"మా బావ."

మీసాలాయన ఆమె వైపు పూర్తిగా తిరిగాడు. "ఆయన ముందే మీ గురించి ఎన్నిసార్లు వేళాకోళం చేశామో. ఒక్కసారి కూడా మా మరదలని అనలేదే" అన్నాడు.

లాండ్రీ యజమానురాలు జుట్టు నెరిసిన పెద్దావిడ. నాలుగు మాటలడిగి, మొదటి తారీకు నుంచి రమ్మంది. పిచ్చుక తిరుగు బస్సు దిగి ఇంటికి వెళ్ళకుండా నేరుగా షెడ్డుకు నడిచింది. బావ ఒక సీటుకు అంచు కుడుతున్నాడు. ఎదురుగా స్పాంజి ముక్క మీద కూర్చుంది.

"మీరు చెప్పలేదట" అంది.

ఆయన దారం కొరికాడు. "చెప్పలేదు."

"ఆ రోజే ఆ మాట అనొచ్చుగా బావా."

"అంటే నమ్మేదానివా?" అని సూది పక్కన పెట్టాడు. మళ్ళీ ఆయనే అన్నాడు. "నాకు తెలుసమ్మా. సన్నటి పిల్ల, సంచి లేకుండా తిరుగుతుంది అని వాళ్ళు చెప్పుకుంటుంటే నువ్వేనని తెలిసిపోయింది. నిన్ను పోల్చుకున్నారన్న సంగతి కూడా నాకు తెలుసు. నీతో చెప్పలేదు."

"ఎందుకని?"

"చెబితే నువ్వు జాగ్రత్తపడతావు. వాళ్ళలో ఒకడి ఉద్యోగం పోతుంది. వాళ్ళతో చెబితే నీది పోతుంది. నోరు మూసుకుంటే ఎవరిదీ పోదనుకున్నా. తప్పు లెక్కే."

తనను క్షమించమని అడగడానికి వచ్చింది పిచ్చుక. ఇప్పుడు ఎవరిని ఎవరు క్షమించాలో తేలలేదు. తన అనుమానం తప్పు. పూర్తిగా తప్పు కూడా కాదు. చివరికి, "నువ్వు అన్నందుకు... మిమ్మల్ని 'నువ్వు' అన్నందుకు తప్పయిపోయింది" అంది. బావ నవ్వాడు. అక్క మాత్రం అంత సులువుగా దిగిరాలేదు. పిచ్చుక ఆ ఊరు వదిలి వెళ్ళే రోజున కూడా డబ్బాలో అన్నం సర్దుతూనే సాధించింది.

లాండ్రీలో చేరిన కొత్తలో పెద్దావిడ ఒకరోజు ఆమెను పక్కకు పిలిచింది. లోపల ఇస్త్రీ బల్లల దగ్గర ఆవిరి కమ్ముకుని ఉంది.

"నీకు చూపు చురుగ్గా ఉంది. లోపల వాళ్ళు పని ఎగ్గొడుతున్నారేమో కాస్త కనిపెట్టి నాకు చెబుతుండు" అంది.

పిచ్చుక కౌంటరు మీదున్న దుప్పట్ల మూటను సర్దింది.

"ఆ పని నాకు చేతకాదండీ. వేరే ఏదైనా చెప్పండి, చేస్తాను" అంది.

ఆవిడ అదోలా చూసి, సరేలే అని వెళ్ళిపోయింది. ఆ తర్వాత చాలా రోజులు, తన మీద కన్నేసి ఉంచమని ఆవిడ ఇంకెవరికైనా చెప్పిందేమోనని పిచ్చుకకు అనుమానంగానే ఉండేది. ఇస్త్రీ చేసే ఒకామె రోజూ మధ్యాహ్నం వచ్చి, "తిన్నావా?" అని అడిగేది. ఎందుకడుగుతోందో ఒక క్షణం ఆలోచించి, తిన్నానని చెప్పి, మీరు తిన్నారా అని పిచ్చుక కూడా అడిగేది.