కుర్చీలు నింపేవాణ్ణి

మా వైపు కొత్త ఫ్యాక్టరీ రావాలన్నా, ఉన్న ఫ్యాక్టరీ పెరగాలన్నా ముందుగా చుట్టుపక్కల జనం మాట వినాలని చట్టం ఉంది. పేపర్లో ప్రకటన వేస్తారు. ఖాళీ స్థలంలో టెంటు వేస్తారు. జిల్లా నుంచి అధికారులు వచ్చి వేదిక మీద కూర్చుంటారు. ఎవరైనా లేచి మైకులో తమ అభ్యంతరం చెప్పవచ్చు. అంతా వీడియో తీసి పైకి పంపాలి. దీన్ని ప్రజాభిప్రాయ సేకరణ అంటారు. ఆ ప్రజాభిప్రాయాన్ని వ్యాన్లలో ఎక్కించి, కుర్చీల్లో కూర్చోబెట్టి, బిర్యానీ పెట్టి ఇంటికి పంపే పని కొన్నేళ్లు నేను చేశాను.

మాది మేడ్చల్‌కీ శామీర్‌పేటకీ మధ్యలో ఉన్న ఊరు. పొలం కొంత బాపు అమ్మాడు, మిగిలింది నేను ప్లాట్లు చేసి అమ్మాను. భూమి పోయినా పటేలా అన్న పిలుపు పోలేదు. దున్నడానికేమీ లేనివాడికి పిలుపొక్కటే మిగిలితే నాయకుడి వెనక తిరుగుతాడు. నేనూ మా నాయకుడి వెనక తిరిగాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆయన కారు తలుపు తీయడాన్ని ప్రజాసేవ అనుకున్నాను. ఆయన నాకు నేర్పిన రాజనీతి మొత్తం ఇదే: "కుర్చీ ఖాళిగుంటే పరాయోడొచ్చి కూసుంటడు. పొద్దుగాలనే నింపాలె."

జీడిమెట్లలో చోటు చాలక మా వైపుకు వచ్చిన రసాయనాల కంపెనీ ఒకటి తన యూనిట్‌ను రెట్టింపు చేసుకోవాలనుకుంది. సభ నాకు అప్పగించారు. ఎండ ఎక్కకముందే నా మనుషులు కుర్చీల్లో ఉన్నారు. సగం మందిని జవహర్‌నగర్ వైపు కాలనీల నుంచి తెచ్చాను. నగరం చెత్తకంపు పీలుస్తూ బతికేవాళ్లను తెచ్చి ఇంకో ఊరి కంపుకు చప్పట్లు కొట్టించడం అప్పట్లో నాకు తెలివిగానే కనిపించింది. టెంటు, కుర్చీలు, వంట వాసన చూసి ఒక అవ్వ ఇది ఎవరి పెళ్లి అని అడిగింది. పెళ్లికొడుకంటూ వేదిక మీదున్న కంపెనీ మేనేజరును చూపించాను.

"గీ ముసలోడా? పిల్ల తల్లిదండ్రులకు కండ్లు లేవా బిడ్డా?"

చుట్టూ అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అభ్యంతరం చెప్పాలనుకున్నవాళ్లు ప్రకటనలో వేసిన సమయానికే వచ్చారు. చట్టాన్ని నమ్మేవాళ్లు చేసే పొరపాటే అది. కుర్చీల్లేక, టెంటు చుట్టూ కట్టిన తాడు బయట ఎండలో నిలబడ్డారు. లోపల నావాళ్లు ఒకరి తర్వాత ఒకరు లేచి, ఉద్యోగాలొస్తాయి, రోడ్లొస్తాయి అని నేను నేర్పిన రెండు ముక్కలూ చెప్పి కూర్చున్నారు. పెద్ద అధికారి ప్రతివాడికీ తల ఊపాడు. ఫ్యాను తిరిగినా ఆ మాత్రం ఊపుతుంది.

అప్పుడు తాడు కింద నుంచి వంగి ఒకామె లోపలికి వచ్చింది. కంపెనీకి దిగువనున్న కాలనీలో ఉంటుంది. తూంకుంటలో ఒక స్కూల్లో ఆయా. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. మైకు అందుకుంది.

"సారూ, కంపెనీ వచ్చినప్పుడు గూడ గిదే టెంటు, గివే కుర్చీలు. నీళ్లకేం గాదన్నరు. ఇప్పుడు మా బోరు ఎయ్యంగనె నురుగొస్తాంది."

నేను మైకు పెట్టె పక్కనే ఉన్నాను. వీడియో కెమెరాకు మాటలు ఆ పెట్టెలోంచి వైరు ద్వారా వెళ్తాయి. మైకు వైరు పీకేస్తే కెమెరాలో మనిషి ఉంటుంది, నోరు కదులుతుంది, మాట ఉండదు. ఈ విద్య నాకెవరూ నేర్పలేదు, నేనే కనిపెట్టుకున్నాను. చాలా రోజులు దానికి గర్వపడ్డాను కూడా.

వైరు పీకాను.

ఆమె ఒక్క క్షణం మైకు వైపు చూసి, దాన్ని బల్ల మీద పెట్టేసింది. తర్వాత మైకు లేకుండానే మాట్లాడింది. చర్చిలో వెనక బెంచీ దాకా వినిపించే గొంతు అది, టెంటంతా విన్నది. బిర్యానీ కోసం వచ్చిన అవ్వ కూడా, నిజమే గదా పాపం, అంది. అధికారి నా వైపు చూశాడు. నా చేతిలో వైరు ఉంది. ఆయన వాచీ చూసుకున్నాడు. నోట్ చేసుకున్నామమ్మా అని చెప్పి భోజనానికి లేచాడు. నివేదికలో రాసిందేమిటంటే, ఒక మహిళ వేదిక వద్దకు వచ్చారు, వారి మాటలు స్పష్టంగా నమోదు కాలేదు.

కాలనీవాళ్లు కోర్టుకు వెళ్లారు. కాలనీవాళ్లు కాకుండా సభలో ముందున్నవాళ్లెవరైనా ఆమె ఏం చెప్పిందో రాసి ఇస్తే, ఆ మాటలు కోర్టు ముందుకు తెస్తానన్నాడు వాళ్ల లాయరు. ఆమె మా ఇంటికి వచ్చింది. వరండాలో నాలుగు కుర్చీలున్నాయి. వేలమందికి కుర్చీలు వేయించిన నేను ఆమెను కూర్చోమనలేదు. సభలో గోలగా ఉంది, నాకేమీ వినపడలేదు అన్నాను.

"వినవడకుంటె వైరెందుకు గుంజినవ్ పటేలా?"

వెళ్లిపొమ్మన్నాను. వెళ్లిపోయింది. కంపెనీకి అనుమతి వచ్చింది. కేసు మాత్రం వాయిదాల మీద నడుస్తూనే ఉంది.

ఇక్కడ నా మనసు మారిందని రాస్తే చదవడానికి బాగుంటుంది. అలా జరగలేదు. మా బోరు ఎగువన ఉంది, నీళ్లు ఈనాటికీ మంచివే. జరిగిందల్లా, కంపెనీ ఇంకో యూనిట్‌కు సభ పెట్టినప్పుడు మా నాయకుడు ఆ పని తన తమ్ముడి అల్లుడికి ఇవ్వడం. నాకు కుర్చీ కూడా ఉంచలేదు. పిలవకపోయినా వెళ్లి, తాడు బయట ఎండలో నిలబడ్డాను. ఆమె మళ్లీ వచ్చి మైకు పట్టుకుంది. అల్లుడు వైరు పీకాడు. అందరికీ కనిపించేలా, మొరటుగా. మొదట నాకు కలిగింది కోపం కూడా కాదు, పని సరిగ్గా చేయలేదన్న విసుగు. పనివాడు పనివాడిలో తప్పు పట్టడం. అది గుర్తు పట్టాక నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇప్పటికీ పోలేదు.

ఆ సాయంత్రమే ఆమె ఇంటికి వెళ్లాను. ఆమె వాకిట్లో క్యాన్ నీళ్లు బిందెలో పోసుకుంటోంది. మొదటి సభలో విన్నది రాసిస్తాను చెల్లె, అన్నాను.

"ఇప్పుడు చెల్లెనైతినా? నిన్ను పక్కకు వెట్టిండ్రని వచ్చినవ్."

నిజమే అన్నాను. నేను చేసింది పాపమనీ, నిద్ర పట్టడం లేదనీ, ఏవేవో చెప్పబోయాను. ఆమె బిందె మీద మూత పెట్టింది.

"నీ బాధ మా వకీలేం జేసుకుంటడు? గది రాయకు. నీళ్ల ముచ్చట రాయి."

ఇంటికి వచ్చి రాశాను. నాయకుడి పేరు రాశాను, వైరు పీకింది నేనేనని రాశాను. మర్నాడు చర్చి ముందర ఆమెకు చదివి వినిపించాను. వైరు పీకాక ఆమె అన్న మాటలు గుర్తున్నంత మేరకు అందులో ఇలా రాశాను: "పోరగాండ్లకు తానం పోస్తె ఒళ్లంత దద్దుర్లొస్తున్నయి. తాగెటందుకు క్యాన్లు కొంటున్నం, తానానికి గూడ కొనుడు మా వశంగాదు. కంపెనీ వద్దనెటందుకు నేను రాలే. ముందుగాల మా నీళ్లు మంచిగ జెయ్యుండ్రి, దయచేసి, ఆ తర్వాత పెంచుకోండ్రి."

కంపెనీ వద్దని కూడా అనలేదు ఆమె. ఆ మాట వినపడకుండా చేయడానికి నేను వైరు పీకాను.

ఆమె కళ్లు మూసుకుని చివరిదాకా విన్నది. ఇంకోసారి చదవమంది. చదివాను.

"అంత సరిగ్గనే ఉన్నది. దయచేసి అని మాత్రం నేననలే. గది కొట్టెయ్యి."

అది నేనెందుకు చేర్చానో ఆమె అడగలేదు. మా ముందు నిలబడి మాట్లాడే ఆమెలాంటివాళ్లు అలా అంటారని నా చెవికి ముందే తెలుసు కాబట్టి, అనకపోయినా విన్నాను. పెన్ను తీసి, ఆమె చూస్తుండగా ఆ మాట కొట్టేసి, సంతకం చేశాను. వచ్చే వాయిదాకు వకీలు నన్నూ రమ్మన్నాడు.