రెండో గుడి పుట్టిన చోటు

నా చిన్నప్పుడు మా వాడంతటికీ ఏసు ప్రభువు గుడి ఒక్కటే ఉండేది. చర్చి అనే మాట తర్వాతెప్పుడో అలవాటైంది కానీ, అప్పుడు పెద్దలూ పిల్లలూ అందరం గుడి అనే అనేవాళ్లం. కృష్ణ ఒడ్డుకు దగ్గరగా, ఆత్మకూరుకు ఎడ్లబండి మీద పోయి రావాలంటే పొద్దంతా పట్టే పల్లె మాది. వాగులోని బండలు మోసుకొచ్చి మా తాతల తరం కట్టుకున్న గుడి అది. గోడలకు సున్నం, పైన బెంగుళూరు పెంకులు, ముందు ఒక దూలానికి వేలాడే గంట. ఆదివారం పొద్దున గంట మోగితే వాడంతా కదిలేది. ఎవరైనా కన్నుమూస్తే కూడా అదే గంట, ఆగి ఆగి, నెమ్మదిగా మోగేది. గుడి తాళంచెవి మా నాయిన మొలతాడుకే ఉండేది. ఆయన సంఘ పెద్ద. పాస్టరు అయ్యగారు చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగేవాడు కాబట్టి, ఆయన లేనప్పుడు ప్రార్థన చేయించేదీ తగవులు తీర్చేదీ నాయినే.

మా ఇంటికి ఎదురుగా మా మామ ఇల్లు. మామ అంటే మా అమ్మకు తమ్ముడు. వాళ్లిద్దరినీ కన్న అవ్వ ఆ ఇంట్లోనే ఉండేది, కానీ పగలంతా రెండు వాకిళ్ల మధ్య తిరుగుతూనే ఉండేది. మామ పెద్ద కూతురు నాకు వదిన. మా అన్నకే ఇస్తామని వాళ్ల చిన్నతనంలోనే మాట అనుకున్నారు. నా తల దువ్వి జడ వేసేది, కూడబలుక్కుని చదవడం నేర్పింది ఆమే. గుడిలో పాట ఎత్తుకునేది కూడా ఆమే. ఆమె గొంతు లేచాక మా అన్న గొంతు కలిసేది. ముందు వరసలో కూర్చున్న ముసలివాళ్లు వెనక్కి తిరిగి చూసి నవ్వుకునేవాళ్లు.

మా సంఘానికి ఒక కట్టుబాటు ఉండేది. బాప్తిస్మం తీసుకున్నవాళ్లు ఊరి దేవతల పండుగల్లో డప్పు కొట్టకూడదు. ఆ మాట చెప్పడం సులువే, నిలబెట్టుకోవడం కష్టం. మా వాడ మగవాళ్లు డప్పు కొట్టడం ఊరికి హక్కులాంటిది. కాదంటే చేతిలో ఉన్న చేను పోతుంది. ఒక ఏడు పోచమ్మ పండుగకు పటేలు మామను పిలిపించాడు. మామ ఆయన చేను పాలుకు చేసేవాడు. డప్పు భుజానికి వేసుకుంటావా, చేను దిగుతావా అని అడిగాడట. మామకు ఇంటి నిండా ఆడపిల్లలు, లేక లేక ఒక మగపిల్లవాడు అప్పుడే పుట్టి ఉన్నాడు. మామ డప్పు వేసుకున్నాడు.

ఆ తర్వాతి ఆదివారం నాయిన లేచి నిలబడి, సంఘం తీర్మానం చదివాడు. మామకు ప్రభువు బల్ల దగ్గర అందరికీ పంచే రొట్టె ఇవ్వరు, సంఘం మళ్లీ చెప్పేదాకా చివరి వరసలోనే కూర్చోవాలి. మామ తల వంచుకుని చివరికి వెళ్లి కూర్చున్నాడు. మా గుడిలో పసిపిల్లల తల మీద నీళ్లు చల్లి బాప్తిస్మం ఇచ్చేవారు. తండ్రి సంఘంలో లేడు కాబట్టి ఆ పిల్లవాడికి అదీ ఆగిపోయింది. కొద్ది నెలల మాటే కదా అనుకున్నారు అందరూ.

ఆ కొద్ది నెలల్లోనే వానలు పడ్డాయి. పిల్లవాడికి జ్వరం తగిలింది. ఆత్మకూరు దవాఖానకు తీసుకుపోదామని బండి కట్టారు కానీ, వాగు నిండా పారుతోంది. నీళ్లు తగ్గుతాయేమోనని వాగు గడ్డన గోనెపట్టాలు కప్పుకుని కూర్చున్నారు. తగ్గలేదు. పిల్లవాడు మా అత్త ఒళ్లోనే పోయాడు. బండి వెనక్కి తిరిగి వస్తుంటే అత్త ఏడుపు వాడ మొదట్లోనే వినబడింది.

మా అమ్మ, నాయిన ముందుకు వచ్చి గంట కొట్టమంది. నాయిన గుడి వైపు నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. చివరికి, సంఘం ఆపిన ఇంటికి గంట కొడితే రేపు కట్టుబాటును ఎవరు లెక్కచేస్తారు అన్నాడు. ఆయన కఠినుడు కాదు. ఆయన కళ్లు కూడా ఎర్రగా ఉన్నాయి. కానీ కొట్టలేదు. బొందలగడ్డకు వచ్చాడు, బైబిలు తేలేదు. అందరికీ దూరంగా ఒక చుట్టంలా నిలబడ్డాడు. బాప్తిస్మం లేని పిల్లవాడని ఒక అంచున, మోదుగు పొదల పక్కన గుంత తీశారు. అవ్వ ఒక్కతే పాట ఎత్తుకుంది. ఎవరూ గొంతు కలపలేదు. ఆమె సగంలో ఆపేసింది.

కొన్నాళ్లకు కృష్ణ అవతల నుంచి పుట్టి పడవలో ఒక బోధకుడు వచ్చాడు. సన్నటి మనిషి, పాత చొక్కా, చంకలో సంచి. ఎవరో చెబితే నేరుగా మామ ఇంటికి వెళ్లాడు. బోధ ఏమీ చేయలేదట. వాకిట్లో కూర్చుని, అత్త ఏడుస్తుంటే తానూ ఏడ్చాడట. తర్వాత మామను వెంటబెట్టుకుని ఆ చిన్న గుంత దగ్గరికి పోయి మోకాళ్ల మీద ఉండి ప్రార్థన చేశాడు. ఆ ఎండాకాలం మామ, ఆయన వెంట ఇంకొన్ని కుటుంబాలు కృష్ణలో మునిగి మళ్లీ బాప్తిస్మం తీసుకున్నారు. మామ పశువుల కొట్టం పక్కన కొత్త గుడిసె లేచింది. మా వాడలో అదే రెండో గుడి.

ఇక అక్కడి నుంచి మాటల యుద్ధం. చల్లిన నీళ్లు బాప్తిస్మమే కాదని వాళ్లు, ఒకసారి తీసుకున్నాక మళ్లీ మునగడం దేవుణ్ణి అవమానించడమేనని మేము. వాళ్ల ఆడవాళ్లు ముక్కుపుడకలు, మెట్టెలు తీసేశారు. వాళ్లు గట్టిగా చప్పట్లు కొట్టి పాడితే మా గుడిలో కిటికీలు మూసేవారు. పెళ్లి మాట వచ్చేసరికి అంతా తేలిపోయింది. పెళ్లికొడుకు నదిలో మునిగి రావాలి, పుస్తె కట్టకూడదు అని మామ వైపు వాళ్లు. తాతలు కట్టిన గుడిలో, పుస్తె కట్టే చేస్తాం అని నాయిన. ఎవరూ తగ్గలేదు. వదినను నది అవతల ఎవరికో ఇచ్చేశారు. పోయే రోజు ఆమె మా వాకిలి దాకా వచ్చి, లోపలికి రాకుండా నిలబడి, తన గాజులు తీసి నా చేతికి వేసి పోయింది. అవి నా చేతికి నిలవలేదు. అన్న ఆ నెలలోనే సాగరు డ్యాం పనికి వెళ్లిపోయాడు. ఆయన మళ్లీ గుడిలో పాడగా నేను వినలేదు.

అప్పటికి నేను ఊరి బడిలో చదువుతున్నాను. నా పక్కన కూర్చునే పిల్ల మగ్గం నేసేవాళ్ల అమ్మాయి. వాళ్లింటికి నూలు కండెలు చుట్టడం చూడటానికి పోయేదాన్ని. ఒకరోజు ఆ పిల్ల ఏ కల్మషం లేకుండా అడిగింది, మీకు దేవుడు ఒక్కడే అంటారు కదా, మరి రెండు గుళ్లెందుకని. నేను గర్వంగానే చెప్పాను, మేం నీళ్లు చల్లుతాం, వాళ్లు నీళ్లలో ముంచుతారు అని. ఆ పిల్ల, నీళ్ల కోసమా అంది. ఆ మాటలో ఎగతాళి లేదు, ఆశ్చర్యమే. కానీ నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఇంటికొచ్చి అవ్వను అడిగాను. అప్పటికి అవ్వ ఆదివారం పొద్దున మా గుడికి, మధ్యాహ్నం మామ గుడిసెకు పోయేది. రెండు చోట్లా ఆమెను ఏదో ఒక మాట అనేవాళ్లు. అవ్వ చేతిలో చాట పక్కన పెట్టి, నా వేలు పట్టుకుని బొందలగడ్డకు నడిపించుకుపోయింది. అంచున మోదుగు పొదల దగ్గర, గుర్తుకు పెట్టిన రాళ్లు తప్ప ఏమీ లేని ఆ చిన్న దిబ్బ ముందు కూర్చుంది. నన్నూ కూర్చోబెట్టుకుంది.

"రెండు గుళ్లెందుకని అడిగినవు గద బిడ్డా. గా గుడి ఈడ పుట్టింది," అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె చేత్తో మట్టి సవరిస్తూ నెమ్మదిగా చెప్పింది.

"నీళ్ల కొట్లాట కాదు. పసిపిల్లలకు నీళ్లక్కర లేదు, ఆళ్లు దేవుని కాడనే ఉంటరని గా పుట్టిల వచ్చిన అయ్య చెప్పిండు. మీ మామకు గా ఒక్క మాట గావాలె. మనం చెప్పలే. చెప్పినోని ఎంబడి పోయిండు."

అన్ని నెలలుగా పెద్దవాళ్లు వచనాలు తిరగేసి తిరగేసి వాదించుకున్నది విన్నాను. వాటిలో ఒక్కసారి కూడా ఆ పిల్లవాడి మాట రాలేదని అప్పుడు తట్టింది.

ఆ సాయంత్రం అన్నం తినేటప్పుడు, అవ్వ చెప్పినదంతా నేను నాయినకు చెప్పేశాను. చిన్నపిల్లను, ఏది చెప్పాలో ఏది దాచాలో తెలియని వయసు. అమ్మ చెయ్యి ఆగిపోయింది. నాయిన ముద్ద కంచంలోనే వదిలి లేచి, చెయ్యి కడుక్కుని వాకిలి దాటాడు. నేను వెనకే పోయాను. మామ తన వాకిట్లో, నీళ్లు తోడే మోట తోలు కుడుతూ కూర్చున్నాడు. రెండేళ్లుగా ఆ వాకిట్లో నాయిన అడుగు పెట్టలేదు.

నిలబడే అన్నాడు నాయిన, "గంట కొట్టలే నేను. తప్పయింది."

మామ సూది ఆపాడు. తల ఎత్తలేదు. "గంట పోనీ బావా," అన్నాడు. "గా దినం నువ్వొచ్చి మా వాకిట్ల జర కూసున్నా సరిపోతుండె."

నాయిన అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. అత్త చెంబుతో నీళ్లు తెచ్చి ముందు పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. కొంతసేపటికి నాయిన, ఇక రా, అందరం ఒక్కచోట ఉందాం అని బతిమాలాడు. మామ తోలు పక్కన పెట్టి చెప్పాడు.

"నేనొస్త గని గుడి రాదు బావా. నన్ను నమ్మి మునిగినోళ్లున్నరు. ఇప్పుడు ఆళ్లకు అదే ఇల్లు. ఆళ్లను యాడికి పొమ్మంటవు?"

మనుషుల మధ్య కోపం తీరిపోయినా గుడి మాత్రం నిలబడిపోతుందని నేను అలా తెలుసుకున్నాను. ఆనాటి నుంచి రెండు ఇళ్ల మధ్య రాకపోకలు మొదలయ్యాయి. కూర గిన్నెలు అటూ ఇటూ తిరిగాయి. కానీ వదిన తిరిగి రాదు కదా. అన్నకు కబురు పంపినా రాలేదు.

అక్కడితో అయిపోయినా బాగుండేది. తర్వాతి ఆదివారం నాయిన గుడిలో లేచి, ఆ రోజు గంట కొట్టకపోవడం తన తప్పు అని, ఆ కట్టుబాటును అంత కఠినంగా పట్టుకోవాల్సింది కాదని అందరి ముందూ ఒప్పుకున్నాడు. నేను గర్వపడ్డాను. అప్పుడు ఇంకో సంఘ పెద్ద లేచాడు. ముసలాయన, ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. ఆయన కొడుకు అదే పోచమ్మ పండుగకు డప్పు వేసుకోనన్నాడు. చేను పోయింది. పెళ్లాం బిడ్డలను తీసుకుని కూలికి దేశాలు పట్టిపోయాడు, ఎక్కడున్నాడో కూడా తెలియదు.

"నా కొడుకు కట్టుబాటు నిలిపిండు. చేను పాయె, ఊరు పాయె," అన్నాడు ఆయన. "ఇయ్యాల గది అంత పెద్ద సంగతి కాదంటున్నవు. మరి నా కొడుకు ఎందుకు పోయినట్టు?"

ముసలాయన భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకుని బయటికి నడిచాడు. ఆయన అన్నదమ్ముల కుటుంబాలు లేచి వెనకే పోయాయి. ఏడాది తిరక్కుండా వాడ చివర మూడో గుడి లేచింది. వాళ్లది మాకన్నా కఠినమైన కట్టుబాటు. మొదట కొట్లాట కట్టుబాటు మీద అన్నారు, తర్వాత శనివారమా ఆదివారమా, ఏ దినం పవిత్రమైనది అన్నదాని మీదికి పోయింది. కొత్తగా వచ్చినవాళ్లు అసలు కథ అదేననుకున్నారు.

ఆ రోజు గుడి నుంచి వస్తూ నేను ఆ ముసలాయనను ఏదో అన్నాను, మా నాయినను అందరి ముందూ నిలదీశాడన్న కోపంతో. అవ్వ నా నోటి మీద చెయ్యి పెట్టింది.

"ఆయన ఏడుపు గూడ నిజమే బిడ్డా," అంది.

అవ్వ ఆ తర్వాత ఎక్కువ కాలం లేదు. ఆమెను ఏ గుడిలోకి తీసుకుపోవాలో తేలక, వాకిట్లోనే వేపకొమ్మల పందిరి కింద ఉంచారు. మూడు గుళ్లవాళ్లూ వచ్చారు. మూడు గుంపులుగా నిలబడ్డారు. ముగ్గురు అయ్యలు ఒకరి తర్వాత ఒకరు చేసిన ప్రార్థనలకు పొద్దు నడినెత్తికి వచ్చింది. ముగ్గురూ ఆమె మా మనిషి అనే చెప్పారు.

పెద్దయ్యాక నేను పాలమూరులో నర్సుగా పనిచేశాను, ఇప్పుడు అక్కడే ఉంటున్నాను. మా వీధిలో ఆదివారం ఎన్ని మైకులు ఒకేసారి మోగుతాయో చెప్పలేను. ఒక్క దేవుడికి ఇన్ని గుళ్లేమిటని మా మనవరాలు అడుగుతుంది. పాస్టర్లను అడిగితే వచనాలతో జవాబు చెబుతారు, అవి అబద్ధమని నేను అనను. వచనం కోసమే కదిలిన మనుషులనూ చూశాను. కానీ ఫలానా ఇంటివాళ్లు మన సంఘం వదిలి వేరేచోటికి పోతున్నారని ఎవరైనా అంటే, అక్కడ ఏం బోధిస్తున్నారని నేను అడగను. వాళ్లింట్లో ఏం జరిగిందని అడుగుతాను. చాలామందికి తెలియదు.

అందుకే వరసగా ఎవరైనా గుడికి రాకపోతే, ఆరాధన అయ్యాక ఇంటికి పోకుండా వాళ్ల గుమ్మం ముందుకు పోతాను. బైబిలు సంచిలోంచి తీయను. రమ్మని పిలవను. మోకాళ్లు నొస్తాయి, అయినా వాళ్లు కూర్చోమన్నచోట కూర్చుంటాను. ఒక్కోసారి మాట్లాడతారు. చాలాసార్లు, మంచినీళ్లిచ్చి, మేం వేరే గుడికి పోతున్నామమ్మా, నువ్వు ముందే వచ్చి ఉంటే బాగుండేదని మెల్లగా చెబుతారు.