మణికట్టు మీద రెండుసార్లు

సవరయ్య మా పంపు చూడటానికి ఎప్పుడొచ్చినా భార్యను వెంట తెచ్చుకునేవాడు. నాకది పెద్ద వేళాకోళం. "ఏం సవరయ్యన్నా, ఇన్నమ్మక్క లేకుంటే పానా తిరగదా?" అనేదాన్ని. ఆయన నా ముఖంలోకే చూస్తూ నేను ఆపేదాకా విని, నవ్వి ఊరుకునేవాడు. ఎంత మర్యాదగా వింటాడీ మనిషి అనుకునేదాన్ని. నా తెలివి అలా తెల్లవారింది.

నా పేరు మధులత. భద్రాచలంలో గోదావరి కరకట్టకు దగ్గరగా, అడవి ఊళ్ళ నుంచీ తండాల నుంచీ కాన్పుకు వచ్చే ఆడవాళ్ళు నెలలు నిండేదాకా ఉండే బస ఒకటుంది. ఒక ట్రస్టు నడుపుతుంది. నేను దానికి వార్డెన్ని. నాకు నోరు ఎక్కువని అంటారు. అన్నవాళ్ళ తప్పేమీ లేదు.

మా భవనం పల్లంలో ఉంది, రోడ్డు ఎత్తులో ఉంది. రోడ్డు మట్టానికి కింద నాలుగు గదులు, రెండు బాత్రూములు. ఎండాకాలం అక్కడే చల్లగా ఉంటుందని గర్భిణులను అక్కడే ఉంచుతాం. నీళ్ళు పల్లానికి పోతాయని పసిపిల్లలకైనా తెలుసు, మా బాత్రూముల మురుగు మాత్రం ఎత్తుకు పోవాలి. అది ముందు ఒక గుంతలో చేరుతుంది. గుంతలోని పంపు దాన్ని పైకి తోసి రోడ్డు పక్క కాలువలో పోస్తుంది. పంపు ఆగిందంటే నిండు చూలాళ్ళు పద్నాలుగు మెట్లెక్కి వెనక పెరట్లోని మరుగుదొడ్డికి పోవాలి, అదీ రోజుకు పదిసార్లు.

సవరయ్యది మణుగూరు. బొగ్గు గనిలో ఇరవయ్యారేళ్ళు పంప్ ఖలాసీగా చేశాడు. గనిలో ఊరే నీటిని పైకి తోడే పంపు పక్కన కూర్చుని, దాని చప్పుడు వింటూ ఉండటమే ఆ ఉద్యోగం. నీళ్ళు అయిపోయి పంపు గాలి పీల్చిన క్షణంలో చప్పుడు మారుతుంది. అప్పుడు ఆపకపోతే కాయిల్ కాలిపోతుంది. రిటైరయ్యాక ఆ విద్యతోనే భద్రాచలంలోని లాడ్జీల్లో, నర్సింగ్ హోముల్లో మురుగు పంపులు బాగుచేస్తూ బతుకుతున్నాడు.

ఆయనకు కొన్ని పట్టింపులున్నాయి. గుంత మూత తీశాక ఒక చాయ్ తాగేంతసేపు దూరంగా కూర్చోవాలి. ఎవరూ గుంతలో దిగకూడదు, పంపునే తాడు కట్టి పైకి లాగాలి. జల్దీ అవుతుందని మనిషిని దించబోయిన ఒక లాడ్జీ ఓనరుతో, "గ్యాస్ కండ్లకు కనపడదు సార్. దించేదుంటే ముందు మీరు దిగుండ్రి" అని సామాను సర్దుకుని వచ్చేశాడు. మా పంపు రెక్కల్లో గుడ్డ పేలికలు చుట్టుకున్నప్పుడు నేను ఆడవాళ్ళ మీద విరుచుకుపడబోతే నన్నే ఆపాడు. "ఆడపిల్లలు మైలబట్ట ఏడ పడేస్తరు మేడం? మీరు మూతున్న బకెట్ పెట్టనే లేదు గద." ఆ సాయంత్రమే బకెట్లు కొన్నాను.

ఇక దాచడమెందుకు, సవరయ్యకు వినపడదు. గనిలో సగం పోయిన చెవులు, రిటైరైన నాలుగేళ్ళలో పూర్తిగా పోయాయి. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పోల్చుకుంటాడు. అప్పటికి ఇది ఇన్నమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. చెవితో పంపు చూసే మనిషికి చెవులే లేవంటే ఇంకెవరు పిలుస్తారు? పని పోతే ఈ మనిషి మంచం పడతాడని ఆమె భయం. అందుకే పని జరిగినంతసేపూ పక్కనే కూర్చుని, చప్పుడు మారగానే జపమాల పూసలు తిప్పే వేళ్ళతో ఆయన మణికట్టు మీద రెండుసార్లు తట్టేది. ఆయన స్విచ్ నొక్కేవాడు. నాలుగేళ్ళు ఒక్క పంపూ కాలలేదు.

పోయిన జూన్‌లో మా గుంత నిండింది. సవరయ్య ఒంటరిగా వచ్చాడు.

"ఇన్నమ్మక్క ఏది?"

"కంటి ఆపరేషన్ అయింది మేడం. దమ్మపేటల చెల్లెలింట్ల ఉన్నది. వారం దినాలు కదలొద్దన్నరు."

"అయితే ఈ పూట పంపు అలుగుతుంది" అన్నాను. ఆయన ఎప్పటిలాగే నవ్వాడు.

పంపు పైకి లాగి, కడిగి, మళ్ళీ దించాడు. మామూలుగా అయితే అందులో ఫ్లోట్ అనే బుడ్డి ఒకటి నీటి మీద తేలుతుంటుంది. నీరు తగ్గి అది కిందికి వాలితే పంపు దానంతటదే ఆగుతుంది. కానీ అప్పటికి అడుగున అడుగు లోతు బురద మిగిలే ఉంటుంది. ఆ బురద కూడా పోవాలని సవరయ్య ఫ్లోట్‌ను దారంతో పైకి కట్టేసి, పంపు గాలి పీల్చేదాకా నడిపి, చప్పుడు వినే ఆపుతాడు. గనిలో నేర్చిన పని అది. అక్కడ ఫ్లోట్లు లేవు, ఖలాసీ చెవులే ఫ్లోట్. ఆ రోజు ఇన్నమ్మ లేదని తెలిసీ దారం కట్టాడు. సగం పని చేసి పోవడం ఆయనకు చేతకాదు.

నేను మెట్ల మీద ఫోన్లో ఉన్నాను. కింద గది నుంచి సోమ్లి వచ్చింది. జూలూరుపాడు వైపు తండా పిల్ల, తొలి చూలు, తొమ్మిదో నెల.

"మేడం, దాని చప్పుడు మారింది."

"పంపు దగ్గర పంపు మనిషి ఉన్నాడు. నువ్వు పోయి పండుకో" అని కసిరాను.

కాసేపటికి కాలిన వాసన. పరుగెత్తాను. సవరయ్య ఆ మురుగు కంపు మధ్య బోర్లించిన బకెట్ మీద కూర్చుని, పైపు మీద చెయ్యి పెట్టి, ప్రశాంతంగా చూస్తున్నాడు. వెనక నుంచి మూడుసార్లు పిలిచాను. మూడోసారి గొంతు చించుకున్నాను. తల తిప్పలేదు. స్విచ్ నేనే కట్టేసి ఆయన ముందుకొచ్చి నిలబడ్డాను. అప్పుడు అర్థమైంది. అర్థమైనప్పుడైనా ఊరుకోవాల్సింది.

"చెవులు లేనోడివి ఈ పనికి ఎందుకొచ్చినవ్?" అన్నాను.

మెల్లగానే అన్నాను, కానీ ఎదురుగా నిలబడి అన్నాను. ఆయన చూపు నా పెదవుల మీదే ఉంది.

కాలిన పంపును పైకి లాగి ఆటోలో పెట్టాడు. మళ్ళీ దిగొచ్చి, పంపు లాగే తాడు తీసుకుని, మెట్ల పొడవునా ఆడవాళ్ళ చేతికందే ఎత్తులో గోడ కొక్కేలకు బిగించి కట్టాడు. తన బరువంతా వేసి వేలాడి చూశాడు. "రెండు దినాలల్ల తెస్త మేడం. అప్పటిదాక దీన్ని పట్టుకుని ఎక్కమనుండ్రి" అని వెళ్ళిపోయాడు.

ఆ రెండు రోజులూ ఆరుగురు చూలాళ్ళు ఆ తాడు పట్టుకునే ఎక్కి దిగారు. ఆయాసంతో సగంలో ఆగిన సోమ్లి, "తాత మంచిగ కట్టిండు మేడం" అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

మూడో రోజు పొద్దున పంపుతో వచ్చాడు, ఒంటరిగానే. నేను ఎదురుగా నిలబడి నిదానంగా చెప్పాను. "నేనట్ల అనుడు తప్పు సవరయ్యన్నా."

"తప్పేంది? ఉన్న మాటే గద. నాలుగేండ్లు దాసుకుంట తిరిగినం. పైపు మీద చెయ్యి పెడితే తెలుస్తదనుకున్న, వేళ్ళకు గూడ అంత తెలుస్తలేదు." పంపు మీద చెయ్యి వేసి నిమిరాడు. "కాయిల్ కొత్తది చుట్టిన. ఇది దించి పోత. ఇగ వేరేటోళ్ళను చూసుకోండ్రి."

ఆ మాట అనేటప్పుడు నవ్వబోయాడు, రాలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆయనే నన్ను ఓదార్చాల్సి వస్తుందని కోపం తెచ్చుకున్నాను.

"రెండు దినాల స్నానాల నీళ్ళతోని గుంత మల్ల నిండింది, బురద తీయకుండ పోతవా? దారం కట్టు. ఇన్నమ్మక్క ఏం చేస్తదో చెప్పు, నేను చేస్త."

ఆయన చొక్కా చెయ్యి మడిచి మణికట్టు చూపించాడు. "ఇగో, ఈడ రెండుసార్లు తడుతది."

దారం కట్టి పంపు వేశాడు. నేను పక్కన కూర్చుని చెవులు రిక్కించాను. ఒకటే హోరు. మారిందా? మారలేదా? వేలు ఎత్తడం, దించడం. చెవులున్నదాన్నని ఎగిరాను గాని, ఆ హోరులో నాకేమీ తెలియలేదు.

ఇంతలో నా భుజం మీదుగా ఒక చెయ్యి వచ్చింది. కడుపు పట్టుకుని వంగిన సోమ్లి, ఆయన మణికట్టు మీద రెండుసార్లు తట్టింది. సవరయ్య వెంటనే స్విచ్ నొక్కాడు. లోపలికి వంగి చూస్తే గుంత అడుగున సిమెంటు కనిపిస్తోంది, కాలిన వాసన లేదు.

"నీకెట్ల తెలిసింది బిడ్డా?"

"నా మంచం ఈ గోడకే ఉంటది తాత. కడుపు బరువుకు నిద్ర రాదు. దీన్నే ఇనుకుంట పండుకుంట. నీళ్ళున్నప్పుడు ఒక తీరు, అయిపోయినంక ఒక తీరు." ఆమె నా వైపు చూడకుండా అంది, "ఆ దినం గూడ చెప్పిన."

చెప్పింది నిజమే. విననిది నేను.

సవరయ్య ఫ్లోట్ దారం విప్పి జేబులో పెట్టుకున్నాడు. వేరేవాళ్ళను చూసుకోమన్న మాట మళ్ళీ ఎత్తలేదు. మెకానిక్‌ను మార్చమని ట్రస్టు ఆఫీసు నుంచి ఫోనొస్తే, మార్చాలంటే ముందు వార్డెన్ను మార్చండన్నాను. ఇప్పుడాయన ఎక్కడికెళ్ళినా ముందే చెప్పేస్తున్నాడు, నాకు వినపడదు, పక్కన ఒకరు కూర్చోవాలె అని. రెండు లాడ్జీలు పిలవడం మానేశాయి. మిగతావాళ్ళు ఎవరో ఒకరిని కూర్చోబెడుతున్నారు. మా దగ్గర గోడ పక్క మంచం ఎవరికి వస్తే వాళ్ళకు చప్పుడులో తేడా నేర్పిస్తాం. ఇన్నమ్మ ఇది విని, "ఇన్నేండ్లు నేనొక్కదాన్నే తట్టిన. ఇప్పుడు ముసలోనికి ఎన్ని చేతులయ్యా" అని మూతి తిప్పింది, కళ్ళు తుడుచుకుంది.

ఆగస్టులో సోమ్లి బిడ్డనెత్తుకుని మమ్మల్ని చూడటానికి వచ్చింది. ఆడపిల్ల. ఆ రోజు భార్యాభర్తలిద్దరూ మా దగ్గరే ఉన్నారు. సవరయ్య చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని పాపను తీసుకున్నాడు. కొత్త ముఖం చూసి పాప కళ్ళు మూసుకుని గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టింది. ఆయన చూపు పాప చిట్టి పిడికిలి మీద ఉంది. ఆ ఏడుపు తెలియక, పిడికిలినే చూస్తూ నవ్వుతున్నాడు.

ఇన్నమ్మ ఆయన మణికట్టు మీద రెండుసార్లు తట్టింది.

ఆయన ఉలిక్కిపడి పాప ముఖం చూశాడు. గబగబా భుజానికెత్తుకుని వీపు నిమిరాడు. తర్వాత భార్య వైపు తిరిగి అడిగాడు.

"ఎట్ల ఏడుస్తుందే?"

"మంచిగనే ఏడుస్తుంది" అంది ఇన్నమ్మ, ఆయనకు కనపడేలా ఒక్కొక్క మాటా విడదీసి. "గొంతు గట్టిది."