ఖాళీ గడికి నేను పెట్టిన పేరు

కోవిడ్ తర్వాత లైబ్రరీ మళ్లీ తెరిచిన ఏడాది, ఆగస్టు మొదటి సోమవారం నన్ను లండన్ జనాభా లెక్కల ప్రాజెక్టుకి డేటా మేనేజర్‌గా వేశారు. న్యూజెర్సీలో ఒక యూనివర్సిటీ లైబ్రరీ అది. అప్పటికి పందొమ్మిదేళ్లుగా అక్కడ మెటాడేటా లైబ్రేరియన్‌ని. అంటే ఏ పుస్తకంలో ఏముందో చెప్పే కార్డు రాసేవాడు అనుకోండి; కార్డులు పోయి కంప్యూటర్లు వచ్చాయి, అంతే తేడా. రిటైర్మెంటుకి ఇంకో రెండేళ్లుంది. ఈ ఒక్క పనీ మచ్చ లేకుండా ముగించి, పార్సిప్పనీలో మా అపార్ట్‌మెంట్ బాల్కనీలో కూర్చుని కాఫీ తాగుదామన్నది నా ప్లాను.

విక్టోరియా రాణి కాలంలో తూర్పు లండన్ మురికివాడల్లో పేద ఆడవాళ్లు ఏయే పనులు చేసి బతికారో తేల్చడం మా ప్రాజెక్టు. అప్పుడూ పదేళ్లకోసారి జనాభా లెక్కలుండేవి. ఎన్యూమరేటర్ అనే ఉద్యోగి ఇంటింటికీ ఫారం ఇచ్చి, తిరిగి తీసుకుని, చదువురాని ఇళ్లలో తనే అడిగి నింపి, అన్నిటినీ ఒక పెద్ద పుస్తకంలోకి ఎక్కించేవాడు. పేరు, ఇంటి పెద్దతో సంబంధం, వయసు, వృత్తి. ఆ పేజీల స్కాన్లు చూసి మా గ్రాడ్యుయేట్ అసిస్టెంట్లు టైప్ చేసేవారు. వీళ్లు వారానికి ఇరవై గంటలు పనిచేసే మాస్టర్స్ విద్యార్థులు. బదులుగా యూనివర్సిటీ వాళ్ల ఫీజు మాఫీ చేస్తుంది.

పనికి రెండు రూల్సు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఎక్కించాలి, స్పెల్లింగ్ తప్పుగా ఉన్నా దిద్దకూడదు. ఆ తర్వాత ప్రతి వృత్తికీ ఒక కోడ్ నంబరు వేయాలి. వృత్తి గడి ఖాళీగా ఉంటే సున్నా. సున్నా అంటే ‘పని లేదు’. ఈ రెండో రూలు నేనే రాశాను, ప్రింటు తీసి గోడకి అంటించాను కూడా. రూల్సంటే నాకు ప్రాణం. ఉప్పు డబ్బా మీద ‘ఉప్పు’ అని లేబుల్ అంటించే మనిషినని మా ఆవిడ ఇప్పటికీ ఆడిపోసుకుంటుంది.

మరుసటి ఏడాది అక్టోబరు. ఇంకో నెలలో డేటా విడుదల. చివరి తనిఖీలో భాగంగా ఆడిట్ లాగ్ చదువుతున్నాను. ఎవరు, ఎప్పుడు, ఏ గడి మార్చారో కంప్యూటర్ దానంతటదే రాసిపెట్టే చిట్టా అది. ఒక వీధిలో నలభైకి పైగా ఖాళీ గళ్లలో ‘అగ్గిపెట్టెల తయారీ’ అని చేరింది. అసలు పేజీల్లో ఆ గళ్లలో ఏమీ లేదు. మార్చినది శిరీష.

జగిత్యాల దగ్గర ఒక పల్లె నుంచి ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చిన అమ్మాయి. తక్కువ మాట్లాడేది. ఆమె టైప్ చేసిన పేజీలో తప్పు పట్టాలంటే నాకే కళ్లద్దాలు తుడుచుకోవాల్సి వచ్చేది. అలాంటి అమ్మాయి రికార్డులో లేనిది కల్పించడమంటే కంచే చేను మేసినట్టు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇలాంటిది కనబడితే ప్రాజెక్టు డైరెక్టరుకి రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆమె ఒక ప్రొఫెసరు. తెలియజేస్తే శిరీష అసిస్టెంట్‌షిప్ రద్దవుతుంది. ఫీజు మాఫీ పోతే వచ్చే సెమిస్టరులో చేరలేదు, చేరకపోతే వీసా నిలవదు. ఇవన్నీ తెలిసే ఈమెయిల్ రాశాను. పంపే ముందు ఆ మనిషి సంజాయిషీ వినాలన్నది కూడా పద్ధతే కాబట్టి శిరీషను పిలిచాను.

ఎందుకు చేశావని అడిగాను. బుకాయించలేదు. నా కంప్యూటర్లోనే ఆ వీధి పేజీలు తెరిచింది. ఒక గదిలో విధవరాలు, వృత్తి అగ్గిపెట్టెల తయారీ. పక్క గదిలో భర్త ఉన్నావిడ, గడి ఖాళీ. ఆ పై గదిలో విధవరాలు, మళ్లీ అగ్గిపెట్టెలే. తర్వాత పదేళ్ల తేడాతో రాసిన రెండు పేజీలు పక్కపక్కన పెట్టింది. ఎలెన్ అనే ఒకే మనిషి, ఒకే గది. మొదటి పుస్తకంలో భార్య, వృత్తి ఏమీ లేదు. రెండో పుస్తకంలో భర్త పోయాడు, అగ్గిపెట్టెలు చేస్తోంది.

“ఈ వీధిల మొగడు సచ్చినంకనే ఆడోళ్లకు పని దొరుకుతదా సార్?” అంది.

ఆ పేజీలు నేను రెండుసార్లు చెక్ చేసి సంతకం పెట్టినవి. తడుముకుని, అనుమానం వేరు, ఆధారం వేరు, నీకెలా తెలుసని గద్దించాను.

“మా అమ్మ బీడీలు చేస్తది సార్. నేను పుట్టకముందు సంది చేస్తనే ఉన్నది. యూనివర్సిటీ అప్లికేషన్‌ల మదర్స్ ఆక్యుపేషన్ అని అడిగితే హౌస్‌వైఫ్ అని ఎంటర్ చేసిన. ఎవ్వరు చెప్పలే, నేనే చేసిన,” అని ఏడ్చేసింది.

ఈమెయిల్ పంపలేదు. చెరిపేయనూ లేదు. మర్నాడు ఉదయం తొమ్మిదింటికి, ఇండియాలో సాయంత్రం ఆరున్నర, శిరీష నా గదిలోంచే వాళ్లమ్మకు వీడియో కాల్ చేసి ఫోన్ నా చేతికిచ్చింది. ఆవిడ గడప దగ్గర కూర్చుని ఉంది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, పొగాకు. నన్ను పలకరిస్తోంది కానీ చేతులు ఆగడం లేదు.

“అమ్మా, మీరేం పని చేస్తుంటారు?” అని అడిగాను.

“నేనేం జేస్త సార్, ఇంట్లనే ఉంట. మా ఆయన సెంట్రింగ్ పనికి పోతడు.”

ఆ మాట అంటూనే ఒక బీడీ చుట్టి దారం కట్టింది. ఎన్యూమరేటర్ అడిగిన ప్రశ్నే నేనూ అడిగాను, అతనికొచ్చిన జవాబే నాకూ వచ్చింది. సిగ్గేసింది. ప్రశ్న మార్చి, ఇవాళ పొద్దున్నుంచి ఏమేం చేశారో చెప్పమన్నాను.

“పొద్దుగాల లేసి ఆకు నానవెట్టిన. వంట జేసిన. ఆకు కత్తిరించిన. గప్పటి సంది గివే చుడుతున్న సార్. ఇంకో రెండు కట్టలైతే కార్ఖానల ఇచ్చి రావాలె,” అంది.

ఆ తర్వాత మూడు వారాలు శిరీషా నేనూ ఆ వీధి పిల్లలు చదువుకున్న బడి డైరీలు వెతికి పట్టాం. రోజూ ఎవరు ఎందుకు రాలేదో హెడ్‌మాస్టరు రాసిపెట్టే పుస్తకాలవి. తల్లి అగ్గిపెట్టెలు అతికిస్తుంటే సాయానికి పిల్ల ఇంట్లో ఉండిపోయిందన్న మాట పేరు పేరునా కనబడింది. శిరీష నింపిన గళ్లలో సగం కన్నా తక్కువకే అలా ఆధారం దొరికింది. నలుగురైదుగురు అసలు పెట్టెలే చేయలేదు; ఒకావిడ గోనెసంచులు కుట్టేది, మిగతావాళ్లు బట్టలుతికేవారు. వాళ్లనీ శిరీష అగ్గిపెట్టెల ఖాతాలోనే వేసింది. ఆ డైరీ చూశాక, “నేను గూడ వాళ్లను అడగకుంటనే రాసేసిన సార్,” అంది.

ఇక నా సంగతి. ఆమె తప్పు ఒక వీధిలో ఉంది, లాగ్ చూసి గంటలో వెనక్కి తీయొచ్చు. ఆ సున్నా రూలు రాసిన నా తప్పు మొత్తం డేటాలో ఉంది. పైగా నాది గోడ మీద అంటించి ఉంది కాబట్టి అది తప్పని ఎవరికీ తోచలేదు. ఆ ఈమెయిల్ పంపేసి ఊరుకుంటే శిరీష వెళ్లిపోయేది, డేటా అనుకున్న రోజుకే విడుదలయ్యేది, నా కాఫీ నాకు దక్కేది. నిజం చెప్పాలంటే ఒక రాత్రంతా ఆ ఆలోచన నన్ను వదల్లేదు.

డైరెక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్లాం. ముందు నా తప్పు చెప్పాను, తర్వాత ఆమెది. ఏడాది పైగా ఇది నీ కంట పడలేదా అని డైరెక్టరు అడిగారు. పడలేదన్నాను. శిరీషకు లిఖితపూర్వక హెచ్చరిక ఇచ్చి అసిస్టెంట్‌షిప్ ఉంచారు. విడుదల వసంతానికి వాయిదా పడింది. డేటాకి జతచేసిన సవరణ నోటు కింద నా ఒక్కడి పేరే ఉంది, అది న్యాయమే. సున్నా కోడ్‌కి అర్థం ‘పని లేదు’ తీసేసి ‘రాయలేదు’ అని మార్చాం. పక్కన కొత్త కాలమ్ చేర్చాం: వేరే చోట ఏం దొరికింది, ఏ పుస్తకంలో, ఏ పేజీలో. ఏమీ దొరకనివాళ్ల గడి ఖాళీగానే ఉంచాం.

నేను నేర్చుకున్నది ఇంతే. ఎన్యూమరేటర్ గడి ఖాళీగా వదిలాడు. దానికి ‘పని లేదు’ అని పేరు పెట్టింది అతను కాదు, నేను. మనిషిని నువ్వేం పని చేస్తావని అడిగితే ఇంట్లో చలామణి అయ్యే జవాబు చెబుతుంది. ఇవాళ పొద్దున్నుంచి ఏం చేశావని అడిగితే పని చెబుతుంది. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ రెండో ప్రశ్నే అడిగాను.

శిరీష ఇప్పుడు అమెరికాలోనే, ఆష్‌బర్న్‌లో ఉద్యోగం చేస్తోంది. మొన్న వాళ్లమ్మకు విజిటర్ వీసా ఫారం నింపుతూ నాకు ఫోన్ చేసింది. వృత్తి దగ్గర ‘బీడీ కార్మికురాలు’ అని రాసి తల్లికి చదివి వినిపిస్తే, “గదేం పని బిడ్డా, కొట్టెయ్యి,” అందట ఆవిడ. శిరీష కొట్టెయ్యలేదు. ఒకసారి చెక్ చేయమని ఆ ఫారం నాకు పంపింది. ఆ గడికి ఆధారం వెతకనక్కర్లేకపోయింది, నేను కళ్లారా చూసిందే.