అత్తయ్యగారి దగ్గర మోగని సబ్ వూఫర్

దయ్యాలను నేను నమ్మను. ఇది రాయకముందు నమ్మలేదు, రాసి లేచాక కూడా నమ్మను. హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పి రిటైరైనదాన్ని. పైగా లూథరన్ ఇంట్లో పుట్టి లూథరన్ ఇంటికే కోడలినయ్యాను. మా లెక్కలో పోయినవాళ్ళు ప్రభువు దగ్గర విశ్రాంతిగా ఉంటారు తప్ప రేపల్లెలో తిరుగుతూ కూర్చోరు. అందుకని ఇది చదివి ఎవరూ నాకు తాయెత్తులు చెప్పొద్దు. జరిగింది జరిగినట్టు చెప్తాను, అంతే.

ఇది తొంభైల చివర్లో మాట. మా ఆయన రేపల్లెలో ఒక ఆఫీసులో గుమాస్తా. పెంకుటిల్లు. ముందొక గది, వెనక వంటిల్లు, పక్కన మంచం పట్టేంత ఇంకో గది. మావయ్యగారు అంతకు ముందు ఏడే పోయారు. అత్తయ్యగారు మాతోనే ఉండేవారు.

నాకు పెళ్ళయిన చాలా ఏళ్ళకు టీచరు పోస్టు వచ్చింది, అడవులదీవి వైపు ఒక ఊళ్ళో. పొద్దున్నే బస్సెక్కితే మళ్ళీ సాయంత్రానికే ఇల్లు. మా పాప అప్పటికింకా పాకుతోంది. దాన్ని చూసుకునేది అత్తయ్యగారే. ఆవిడ ఇంట్లో ఉంటే నాకు ఉద్యోగం ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఆ ఉద్యోగం కోసం నేనెంత ఎదురుచూశానో నాకే తెలుసు. ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకుని మిగతాది చదవండి.

సరిగ్గా అలాంటి సమయంలో మా ఆయనకు హోమ్ థియేటర్ పిచ్చి పట్టింది.

టీవీ ఉంది, అప్పుడే కొత్తగా వచ్చిన వీసీడీ ప్లేయరు కొన్నారు. అక్కడితో ఆగొచ్చు కదా! సినిమాలో బాంబు పేలితే మన గుండె అదరాలట. దానికి సబ్ వూఫర్ కావాలట. అది మామూలు స్పీకరు కాదు, లోతు చప్పుళ్ళ కోసం ప్రత్యేకంగా ఉండే పెట్టె. తెనాలి స్టేషన్లో ఏదో ఇంగ్లీషు పత్రిక కొని, అందులో బొమ్మలు చూసి నెల్లాళ్ళు నా బుర్ర తిన్నారు. కంపెనీదా, కట్టించినదా? ఎనిమిదించులా, పన్నెండించులా? నేను ఎనిమిది చాలన్నాను. చిన్న గదికి పెద్ద పెట్టె ఎందుకు? ఇంట్లో సైన్సు చదివిన మనిషిని పెట్టుకుని, తెనాలి వెళ్ళి మెకానిక్కునడిగారు.

ఆ మహానుభావుడు, “సబ్ వూఫర్ చెవికి కాదండి అన్నయ్యగారూ, గుండెకండి. ఎనిమిదేంటండి, పన్నెండు వెయ్యండి” అన్నాడట. ఇంకేముంది, పన్నెండే వేయించారు. టేకు చెక్క పెట్టె, ముందు నల్ల గుడ్డ. రేపల్లె ప్యాసింజర్లో దాన్ని నడవాలో పెడితే ఒక ముసలమ్మ చక్కగా దానిమీద కూర్చుందట. లేవమనడానికి మొహమాటపడి ఈయన రేపల్లె దాకా నిలబడే వచ్చారు.

మొదటిసారి మోగించినప్పుడు పెంకుల సందుల్లోంచి దుమ్ము రాలి అన్నంలో పడింది. అలమరలో స్టీలు గిన్నెలు గలగలలాడాయి. మా ఆయన మొహం మాత్రం వెలిగిపోతోంది. అత్తయ్యగారు కణతలు పట్టుకుని పక్కగదిలోకి వెళ్ళి పడుకున్నారు.

ఆవిడకు పార్శ్వపు నొప్పి. గట్టి చప్పుడు వింటే రోజంతా లేవలేరు. ఆ సంగతి కొడుక్కి పుట్టినప్పటి నుంచీ తెలుసు. అయినా “అలవాటవుద్దమ్మా” అంటారు. రెండో ఆదివారానికి అత్తయ్యగారు చీరలు సంచిలో సర్దుకున్నారు.

“బాపట్లలో మీ అక్క దగ్గర దింపేసి రారా అబ్బాయ్. నీ పెట్టె నువ్వు మోగించుకో” అన్నారు. కోపంగా కాదు, నీరసంగా అన్నారు. కోపంగా అన్నా బాగుండేది. ఆ రాత్రి నేను మా ఆయనతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడం ఆయన గమనించలేదు, అది వేరే సంగతి.

ఈయనకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. అందుకని నేనే రంగంలోకి దిగాను. లోతు చప్పుడు గోడలకు కొట్టుకుని వెనక్కు వస్తుంది. వెళ్ళే అల, వచ్చే అల ఒకదాన్నొకటి మింగేసుకునే చోటు గదిలో ఎక్కడో ఉంటుంది. అక్కడ కూర్చుంటే మోత బాగా తగ్గిపోతుంది. ఆ చోటు కనిపెట్టి అత్తయ్యగారిని అక్కడ కూర్చోబెడితే నా ఉద్యోగం దక్కుతుంది. ఇదీ నా ఆలోచన. ఒక్క వారం ఆగమని ఆవిడను బతిమాలాను.

ఆదివారం గుడి నుంచి, అంటే మా చర్చి నుంచి, వచ్చి భోజనాలయ్యాక యుద్ధం సినిమా ఒకటి పెట్టించాను. స్టీలు గ్లాసులో సగం నీళ్ళు పోసి నేల మీద పెట్టుకుంటూ గదంతా పాకాను. నీళ్ళు వణికితే మోత ఉన్నట్టు, కదలకపోతే లేనట్టు. మా ఆయన కూడా పత్రికలో ఏదో చదివి, మోత ఎక్కడ బాగుందో వెతుకుతూ లుంగీతో ఇంకో పక్క నుంచి పాకుతున్నారు. మా వెనకే పాప పాకుతోంది. ముగ్గురిలో దానికొక్కదానికే అది వయసుకు తగిన పని. పాలు పోయడానికొచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి చూసి, ఏమీ అడక్కుండా పాలు పోసి వెళ్ళిపోయింది.

ఎక్కడ పెట్టినా నీళ్ళు వణికాయి. కిటికీ దగ్గర అత్తయ్యగారు చాప మీద కూర్చుని ఉన్నారు, నేను బతిమాలితే వచ్చి. ఆవిడ పక్కన గ్లాసు పెట్టాను. నీళ్ళు కదల్లేదు. అద్దంలా ఉన్నాయి. తల వంచి విన్నాను. తెర మీద తుపాకులు పేలుతున్నాయి, మాటలు వినపడుతున్నాయి, అడుగునుంచి వచ్చే ఆ మోత మాత్రం లేదు.

“అత్తయ్యగారూ, ఇక్కడ మీకు చప్పుడొస్తోందా?”

“ఇందాక వచ్చిందమ్మా. ఇప్పుడాగింది.”

ఇందాక ఏమిటి, ఇప్పుడేమిటి అని నేను ఆలోచించలేదు. సంతోషంలో ఉన్నాను. సంచిలో చీరలు మళ్ళీ దండెం మీదికి వచ్చాయి. సోమవారం నేను బస్సులో పాట పాడుకుంటూ బడికి వెళ్ళాను.

మా ఆయన ఊరుకుంటేనా? వారం తిరక్కుండా పెట్టెను ఎదుటి మూలకు జరిపారు. పెట్టె జరిపితే మోత లేని చోటు కూడా మారాలి. నేను గుండెలు బాదుకుంటూ మళ్ళీ గ్లాసు తీశాను. కిటికీ దగ్గర, అదే చాప, అవే నీళ్ళు. కదల్లేదు. గోడలు వంకరగా ఉన్నాయేమో, పెంకుటిల్లు కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఆయన మధ్యలోకి లాగారు, తలుపు పక్కకు లాగారు. కిటికీ దగ్గర చప్పుడు లేదు.

తరవాత ఒక ఆదివారం సినిమా మోగుతుండగా నేను వంటింట్లోంచి బయటికి వచ్చాను. అత్తయ్యగారు ఆ రోజు కిటికీ దగ్గర లేరు. వీధి గుమ్మంలో, గాలికి, పీట వేసుకుని గోంగూర ఒలుస్తున్నారు. పక్కన గిన్నెలో నీళ్ళు. ఆ నీళ్ళు నిశ్చలంగా ఉన్నాయి. నేను గబగబా గ్లాసు తీసుకెళ్ళి కిటికీ దగ్గర పెట్టాను. నీళ్ళు వణుకుతున్నాయి.

గుమ్మం దగ్గర పెట్టాను. ఆగాయి. ఆవిడ లేచి పక్కగదిలోకి వెళ్తే వెనకే వెళ్ళాను. అక్కడా ఆగాయి. గుమ్మం దగ్గరికి తిరిగి వచ్చి చూస్తే ఇప్పుడు అక్కడ వణుకుతున్నాయి.

“ఏంటమ్మా, గ్లాసు పట్టుకుని నా వెనకాల తిరుగుతావు? దాహంగా లేదు నాకు” అన్నారు ఆవిడ.

అప్పుడు చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. నాకు ఒళ్ళు జలదరించింది దానికే.

ఆవిడే చెప్పారు: ఎనభైల్లో వాళ్ళిద్దరూ కొలకలూరులో ఉండేవారు, మావయ్యగారికి అక్కడ బళ్ళో పని. వీధిలో పెళ్ళయినా, ప్రార్థన కూటమైనా, పేరంటమైనా కరెంటు స్తంభానికి మైకు బూర కట్టాల్సిందే కదా. బూర ఇంటివైపు తిరిగి ఉంటే అత్తయ్యగారికి ఆ రోజు గడవదు. మావయ్యగారు చొక్కా వేసుకుని వెళ్ళి, మైకు సెట్టు అబ్బాయిని బతిమాలి, దగ్గరుండి బూరను అవతలికి తిప్పించి వచ్చేవారట. ఆపమని అడిగేవారు కాదు. వాళ్ళ శుభకార్యం వాళ్ళది. తిప్పమని అడిగేవారు. క్రిస్మసుకి మా గుడి వాళ్ళ బూరనూ అలాగే తిప్పించేవారు, సంఘ పెద్దలు నవ్వుకున్నా సరే. ఇంటికి వచ్చి “తిప్పించానే” అని ఒక్కమాట అని మళ్ళీ తన పుస్తకం పట్టుకునేవారట.

“ఇదీ ఆయనే తిప్పిస్తన్నారులే” అన్నారు అత్తయ్యగారు, గోంగూర గిన్నెలో వేస్తూ. “నువ్వేం కంగారు పడబాక.”

మా ఆయనకు చెప్తే నవ్వారు. “సైన్సు టీచరువేనా నువ్వు?” అన్నారు. రమ్మని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి వాళ్ళమ్మ పక్కన కూర్చోబెట్టాను. కాసేపు అక్కడ, కాసేపు కిటికీ దగ్గర, మళ్ళీ అమ్మ పక్కన కూర్చున్నారు. ఆ మొహం చూస్తే నాకు నవ్వు రాలేదు. మర్నాడు సెలవు పెట్టి, పెట్టెను మోసుకుని తెనాలి వెళ్ళారు, పాడైందని. మెకానిక్ విప్పి చూసి, “మీ ఇంటి కరెంటులో ఉందండి తేడా” అని పంపేశాడు. కరెంటు తేడా మనిషి వెంట నడుస్తుందా అని ఈయన అడగలేదు. ఎలా అడుగుతారు?

అలా కొన్నాళ్ళు గడిచింది. పెట్టె మోగేది. అత్తయ్యగారు పాపను ఒళ్ళో వేసుకుని మధ్యలో హాయిగా కూర్చునేవారు, పాప కూడా ఆ మోతలో నిద్రపోయేది. నేను భయపడడం మానేశాను. నిజం చెప్పాలంటే మావయ్యగారికి మనసులో దండం పెట్టుకున్నాను, పాస్టరుగారికి తెలిస్తే ఏమంటారో గానీ.

ఒక మధ్యాహ్నం ఇరుగుపొరుగు వాళ్ళందరూ సినిమా చూడడానికి వచ్చారు. మా ఆయన పెళ్ళికొడుకులా తిరుగుతున్నారు. అత్తయ్యగారికి ముందురోజు నుంచి కాస్త జ్వరం. ఏమీ అనలేదు, గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నారు. సినిమా మాంచి పట్టులో ఉంది. మా ఆయన ఎందుకో వెనక్కు తిరిగి ఆవిడ వంక చూశారు. లేచి వెళ్ళి సబ్ వూఫర్ మోత బాగా తగ్గించేశారు. నేను చెప్పలేదు, ఆవిడ అడగలేదు. అందరూ గోల పెడితే, “అమ్మకి ఒంట్లో బాలేదండి” అని కూర్చున్నారు. కాపురానికి వచ్చాక నేను చూసినంతలో ఆ మనిషి ఒకరు చెప్పకుండా అలాంటి పని చెయ్యడం అదే మొదలు.

తరవాతి ఆదివారం పెట్టె ఎప్పటిలాగే గట్టిగా మోగించారు. అత్తయ్యగారు పిడుగు పడ్డట్టు కణత పట్టుకున్నారు. నేను పరుగున గ్లాసు తెచ్చి ఆవిడ పక్కన పెట్టాను.

నీళ్ళు వణికాయి. కిటికీ దగ్గర వణికాయి, గుమ్మం దగ్గర వణికాయి, ఆవిడ దగ్గరా అంతే వణికాయి.

ఆవిడ ఆ నీళ్ళనే చూస్తూ ఉండిపోయారు. భయపడలేదు. కళ్ళు తుడుచుకుని కొడుకును దగ్గరికి పిలిచారు.

“ఇంక నువ్వే చూసుకోవాల్రా అబ్బాయ్” అన్నారు.

మా ఆయన వెళ్ళి పెట్టె తీగ పీకేశారు. తగ్గించొచ్చు, ఆపొచ్చు, ఆయన పీకేశారు. తీగ చేతిలో పట్టుకుని గోడవైపు తిరిగి నిలబడ్డారు. నాన్న పోయినప్పుడు ఏడవని మనిషి అప్పుడు ఏడ్చారు. పాప దడుచుకుంటే నేనెత్తుకున్నాను.

పెట్టె మళ్ళీ మోగలేదు. అత్తయ్యగారు బాపట్ల చుట్టపుచూపుగా వెళ్ళడమే తప్ప చివరిదాకా మా దగ్గరే ఉన్నారు. నా ఉద్యోగం నిలబడింది.

ఇన్నేళ్ళుగా ధ్వని పాఠం చెప్పిన ప్రతిసారీ దీనికి కారణం వెతికాను. గోడలు, పెంకులు, నేల, ఆవిడ ఒంటి తీరు, అన్నీ అనుకున్నాను. దొరకలేదు. మా ఆయనను అడిగితే “లూజ్ కాంటాక్ట్” అంటారు, ఈనాటికీ. సరే, లూజ్ కాంటాక్టే అనుకుందాం. మరి ఆ రోజు గోడవైపు తిరిగి “తిప్పిస్తాను నాన్నా” అని ఎవరితో అన్నారండీ అంటే, పేపరు అడ్డం పెట్టుకుంటారు. నేను విన్నాను. అది మాత్రం నాకు బాగా వినపడింది.