మోచేతి కింద రెండు వేళ్ళు

షూటింగ్ రేంజ్ వెనక గదిలో కూర్చునే ఆ మనిషికి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. అది హాజరు పట్టీ దాటి బయటికి రాలేదు. అందరికీ ఆయన తక్కెడ. అరచేతి మీద ఈగ వాలితే అది కడుపు నింపుకుని వచ్చిందో, ఖాళీ కడుపుతో వచ్చిందో చెప్పేవాడని రేంజ్‌లో అనుకునేవారు. ఒకసారి ఎవరో అధికారి తన ఎయిర్ పిస్టల్ తెచ్చి చేతిలో పెడితే, కళ్ళు మూసుకుని ఒక్కసారి ఎత్తి, లోపల ఒక మర మార్పించారు, పాతదే నయం అన్నాడట. విప్పి చూస్తే నిజమేనట. ఈ కథను అందరికన్నా ఎక్కువసార్లు చెప్పింది తక్కెడే. చెప్పిన ప్రతిసారీ ఆ అధికారికి ఒక ప్రమోషన్ వచ్చేది. నిరుటికి ఆయన మంత్రి పదవికి దగ్గరపడ్డాడు.

చదువు ఏడో తరగతిలో ఆగిపోయింది. తాను మానలేదని, బడే తనను మొయ్యలేక దించేసిందని చెప్పుకునేవాడు. రేంజ్‌లో నేల మీద రాలిన సీసపు గుళ్ళు ఊడ్చే పనికి వచ్చి, చీపురు వదిలి ఆకురాయి పట్టి, ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ గదిలోనే ఉన్నాడు. ఒక బల్ల, దానికి బిగించిన ఇనుప వైస్, చెక్క పిడులు చెక్కిన పొట్టు, కిటికీలేని గోడ. మూలన ఒక ఎలక్ట్రానిక్ త్రాసు ఉండేది. దాని మీద టీ గ్లాసు పెట్టుకునేవాడు. అది ఎంత బరువో చెప్తుంది కానీ ఎక్కడ బరువో చెప్పలేదు, పాపం చదువుకున్నది కదా అని జాలిపడేవాడు.

ఆయన పద్ధతి ఆయనది. పిస్టల్ ఎంచుకోవడానికి వచ్చినవాళ్ళను నిలబెట్టి, కళ్ళు మూసుకుని చెయ్యి ఎత్తమనేవాడు. తాను పక్కన నిలబడి వాళ్ళ మోచేతి కింద రెండు వేళ్ళు ఆనించి, తనూ కళ్ళు మూసుకునేవాడు. ఆ చెయ్యి బరువును ఎక్కడ మోస్తోందో, ఎక్కడ మొయ్యలేక దొంగాటాడుతోందో ఆ రెండు వేళ్ళకు తెలిసిపోయేది. కళ్ళు తెరిచేసరికి గొట్టం మూతి మీద గురి చూసే సైటు, వెనకవైపు గాడి మధ్యన వచ్చి కూర్చోవాలి. మూతి వాలిపోతే ముందు బరువు ఎక్కువైనట్టు, పైకి లేస్తే చాలనట్టు. గొట్టం కింద కడ్డీకి తొడిగే ఉక్కు బిళ్ళలుంటాయి. అందులో ఒకటి వేస్తాడు, ఒకటి తీస్తాడు, గోరంత జరుపుతాడు. అంతే. ఆయన చెయ్యి పడని పిస్టల్‌తో పోటీకి పోవడమంటే చెప్పులు లేకుండా పెళ్ళికి పోవడమే అన్నట్టుండేది.

రెండేళ్ళ కిందట ఆ వేళ్ళు ఆనించడం మానేశాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. కుడి చెయ్యి వణకడం మొదలుపెట్టింది. సాసర్‌లో కప్పు టకటకలాడితే, కప్పుకి చలేస్తోందన్నాడు. డాక్టరుకు చూపించుకోమని ఆయన భార్య పోరితే, ఇన్నేళ్ళు గొడ్డులా పనిచేసింది, ఇప్పుడు కాస్త నాట్యం నేర్చుకోనీ అన్నాడు. ఆవిడ నవ్వలేదు. సాసర్లన్నీ పైఅరలోకి ఎక్కించి, పెద్ద పింగాణీ మగ్గు ఒకటి కొనుక్కొచ్చింది. రోకలంత బరువుండేది. అందులో టీ పోసి ఇస్తే చుక్క ఒలికేది కాదు. బరువుంటే వణకదని ఆవిడ చెప్పింది. ఆయన విన్నాడు, టీ తాగాడు, మర్చిపోయాడు.

అప్పటినుంచి పిస్టల్‌ని తన చేతితోనే తూచేవాడు. తానే కళ్ళు మూసుకుని ఎత్తి, తానే తీర్పు చెప్పేవాడు.

ఆయన అన్న కూతురు పార్సిల్ గోదాములో మూటలు వేరుచేసే పని చేసేది. పన్నెండేళ్ళుగా రేంజ్‌కి వస్తోంది. ఆ ఏడు విద్యుత్ శాఖ షూటింగ్ జట్టులో ఒక్క ఖాళీ పడింది. సెలక్షన్‌లో మొదటి స్థానం వచ్చినవాళ్ళకు పర్మినెంట్ ఉద్యోగం. రెండో స్థానానికి చప్పట్లు. మరుసటి నెలకు ఆమెకు వయసు దాటిపోతుంది కాబట్టి ఇంకో అవకాశమన్న మాటే లేదు. గోదాములో ఆమెతో చేరినవాళ్ళలో ఇద్దరికి అప్పటికే నడుములు పోయాయి.

రేంజ్ వాళ్ళు రెండు పిస్టళ్ళు చూపించి, సెలక్షన్ దాకా ఏదో ఒకటి తీసుకోమన్నారు. ఒకటి పొట్టి గొట్టంది, తేలిక. ఇంకొకటి పొడుగుది. ఆమె రెండూ ఎత్తి చూసింది. పొట్టిదాన్ని రెండోసారి ఎత్తింది.

"బాబాయ్, ఇది నా చేతికి అతికినట్టుంది."

"అతికేది జిగురు. ఇటివ్వు."

కళ్ళు మూసుకుని ఎత్తాడు. తెరిచేసరికి పొట్టిదాని మూతి దారి తప్పిన కోడిలా గాడిలో అటూ ఇటూ తిరుగుతోంది. పొడుగుది ఎత్తాడు. కాస్త నయం. దానికి రెండు బిళ్ళలు తొడిగి మళ్ళీ ఎత్తాడు. సైటు గాడిలో మేకు కొట్టినట్టు నిలిచింది. ఇదీ పిస్టలంటే అన్నాడు. పొట్టిది పిల్లలు జాతరలో బెలూన్లు పేల్చుకునేదన్నాడు. ఆమె పొడుగుదాన్ని తీసుకుంది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ బాబాయి చెయ్యి తప్పు చెప్పగా ఆమె ఎప్పుడూ వినలేదు.

రెండు నెలలు సాధన చేసింది. మొదటి ముప్పై గుళ్ళూ బ్రహ్మాండంగా పడేవి. ఆ తర్వాత భుజం బరువెక్కేది. గోదాములో మూటలెత్తినందువల్లనేమో అనుకుని నొప్పి మందు రాసుకునేది. ఆఖరి గుళ్ళు ఎటో పోతున్నాయని బాబాయితో అంటే, ఆయన పిస్టల్ తీసుకుని ఎత్తి చూసి, మూతికి ఇంకా నిలకడ చాలలేదని మూడో బిళ్ళ తొడిగాడు. ఆయన చేతిలో అది నిజంగానే ఇంకా బాగా నిలిచింది.

సెలక్షన్ రోజు పది మంది వరసగా నిలబడ్డారు. మొత్తం అరవై గుళ్ళు. తక్కెడ గాజు తలుపు వెనక కూర్చుని, పక్కవాడికి మంత్రి కాబోయే అధికారి కథ చెప్పడం మొదలుపెట్టాడు. అన్న కూతురికి మొదటి పది గుళ్ళకు నూటికి తొంభై అయిదు. తర్వాత తొంభై ఆరు, తొంభై నాలుగు, తొంభై అయిదు. నలభై గుళ్ళకు అందరికన్నా ఆమే ముందుంది. కథలో అధికారి పిస్టల్ విప్పే దగ్గరికొచ్చేసరికి ఆమె చెయ్యి మధ్యలోనే దింపింది. మళ్ళీ ఎత్తింది. మళ్ళీ దింపింది. అయిదో పది తొంభై. తెర మీద చుక్కలు నల్ల వృత్తం నడుమనుంచి కిందికి జారుతున్నాయి, ఒకదాని కింద ఒకటి. కథ ఆగిపోయింది. ఆఖరి పదికి ఎనభై ఏడు. మొత్తం అయిదు వందల యాభై ఏడు. వరస చివర నిలబడ్డ పొడుగమ్మాయికి అయిదు వందల యాభై తొమ్మిది.

చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టబోయింది కానీ కుడి చెయ్యి పైకి రాలేదు.

తక్కెడ తన గదికి వచ్చాక, రేంజ్ కోచ్ లోపలికొచ్చి తలుపు వేసింది. ఒకప్పుడు ఆయన ఎంచిపెట్టిన పిస్టల్‌తోనే పతకాలు కొట్టిన మనిషి. వైస్ పిడిని తిప్పుతూ నిలబడింది.

"అన్నా, ఒకటి చెప్పాలి. ఏడాదిగా నువ్వు తొడిగిన బిళ్ళల్ని అందరూ బయటికెళ్ళి తీసేసుకుంటున్నారు."

"అందరూ అంటే?"

"అందరూ. నేనే తీసి ఇచ్చాను కొందరికి. నువ్వు బాధపడతావని నీకు చెప్పలేదు. ఈ పిల్ల కూడా తీసేసే ఉంటుందనుకున్నా."

ఆవిడ వెళ్ళిపోయింది. తక్కెడ బల్ల సొరుగు లాగి చూశాడు. ఏడాదిలో ఎన్ని బిళ్ళలు తొడిగాడో అన్నీ తిరిగొచ్చి అక్కడే ఉన్నాయి. ఎవరో చక్కగా నూనె గుడ్డలో చుట్టి సర్దిపెట్టారు. ఎన్నోసార్లు ఆ సొరుగు తెరిచాడు, ఇన్ని ఎక్కడినుంచి వస్తున్నాయని ఒక్కసారి కూడా అనుకోలేదు. మనసు నొప్పించకూడదని రేంజ్ రేంజంతా ఆయన వెనక బిళ్ళలు విప్పుకుంది. విప్పనిది ఒక్క అన్న కూతురే.

పోటీ అయ్యాక తిరిగొచ్చిన పొడుగు పిస్టల్ బల్ల మీద ఉంది. కళ్ళు మూసుకుని ఎత్తాడు. తెరిచాడు. సైటు గాడి మధ్యన ఉంది, వెంట్రుకంత కూడా కదలడం లేదు. పక్కనే ఇంటినుంచి తెచ్చుకున్న, బరువుకు వణకని ఆ పింగాణీ మగ్గు ఉంది. దాన్ని చూశాడు. పిస్టల్ కింద పెట్టాడు. పెట్టగానే చెయ్యి వణికింది.

పిస్టల్ తిరిగిచ్చినట్టు రిజిస్టర్‌లో సంతకం పెట్టడానికి అన్న కూతురు వచ్చింది. మధ్యాహ్నం షిఫ్టుకి టైమవుతోందని వేసుకొచ్చిన గోదాము చొక్కా, దాని జేబుకి నంబరు బిళ్ళ.

"భుజం అంత లాగేస్తుంటే నోరు విప్పి చెప్పలేదేమే?" అని అడిగాడు.

"నా భుజం చేతకానిదేమో అనుకున్నా, బాబాయ్."

ఆయన అలమారలోంచి పొట్టి పిస్టల్ తీసి ఆమె చేతికిచ్చాడు. ఎందుకిప్పుడు అంది. ఎత్తమన్నాడు. ఆ చెయ్యి నొప్పిగా ఉన్నా ఎత్తి, కళ్ళు మూసుకుంది. రెండేళ్ళ తర్వాత ఆయన ఆమె మోచేతి కింద రెండు వేళ్ళు ఆనించాడు. వేళ్ళు గడగడలాడాయి. ఆ వణుకు కిందనుంచే, ఆమె ఎముక మీద బరువు ఎంత తేలిగ్గా, ఎంత సరిగ్గా కూర్చుందో ఆయనకు తెలిసింది. బిళ్ళలు అక్కర్లేదు. గోరంత జరపక్కర్లేదు.

"నిలిచిందా?" అన్నాడు.

ఆమె కళ్ళు తెరిచి చూసింది. సైటు గాడి మధ్యన వచ్చి కూర్చుంది. తర్వాత చెయ్యి దించి, పిస్టల్‌ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, రిజిస్టర్‌లో ఎడమ చేత్తో సంతకం చేసి షిఫ్టుకి వెళ్ళిపోయింది.