నక్షత్రానికి పసుపు పూసిన పెద్దమ్మ

పోయిన వారం హోసూరులో నా కాలి వేలి పుండుకు కట్టు మారుస్తున్న నర్సమ్మ, పాత కండ పోతేనే కింద కొత్త కండ వస్తుందని ఓదార్పుగా చెబుతూ ఉంటే, నాకు నొప్పిలోనూ నవ్వు వచ్చింది. ఐదో తరగతి దాటని నాకు ఆ పాఠం ఎప్పుడో తొంభైల చివర్లోనే, సముద్రం పేరు తప్ప రూపు తెలియని మా బేరిగైలో, ఒక సముద్రపు జీవి నేర్పిపోయింది.

మా చెల్లెలి కూతురు అప్పట్లో సముద్రం ఒడ్డున ఉన్న ఒక కాలేజీలో చదివేది. సెలవుల్లో అక్కడ మరమ్మతులు మొదలుపెట్టారని, తన ఆఖరి సంవత్సరం పనికి పెంచుకుంటున్న రెండు సముద్ర నక్షత్రాలను రెండు తొట్లలో పెట్టుకుని, క్యాన్ల నిండా ఉప్పునీళ్లతో బస్సు దిగి మా ఇంటికి వచ్చింది. ఒక్కొక్కదానికి అయిదు చేతులు. రెండింటికీ ఒక్కో చేతి కొన కోసి ఉంది. అది మళ్లీ ఎలా మొలుస్తుందో రోజూ చూసి రాయాలి. ఆ రాత సరిగ్గా కుదరకపోతే ఏడాది చదువు మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే తొట్టిలో చెయ్యి పెట్టవద్దని ఇంటిల్లిపాదికీ ఒట్లు పెట్టింది. కరెంటు పోయి గాలి మోటారు ఆగితే మాత్రం, చెంబుతో నీళ్లు ముంచి పైనుంచి పోస్తూ కూర్చునే పని నాది.

అలా కూర్చుని చూస్తుంటే కోసిన చోట కండ రోజురోజుకీ మెత్తబడి, చీకిపోయినట్టు కరుగుతూ ఉండేది. దూడ కాలైనా పిల్లవాడి మోకాలైనా దెబ్బ తగిలితే పసుపు అద్దిన చేతులు నావి, ఊరుకోలేకపోయాను. పిల్ల రెండు రోజులకని కృష్ణగిరిలో మేనత్త ఇంటికి వెళ్లినప్పుడు, ఒకదాన్ని మెల్లగా పైకి తీసి, గాయానికి పూటపూటా పసుపు పట్టించాను. రెండోది తొట్టి గోడను పట్టుకుని ఎంతకూ ఊడి రాలేదు గనుక బతికిపోయింది. పిల్ల వచ్చేలోగా పచ్చబడిన నీళ్లు పారబోసి, క్యానులోని నీళ్లు నింపేశాను.

నేను పూసినదాని గాయం శుభ్రంగా ఆరింది. లోలోపల ఎంత మురిసిపోయానో! వారం తిరిగేసరికి, చీకిందనుకున్న రెండోదానికి బియ్యపు గింజంత మొలక వచ్చింది. నాది మాత్రం మొద్దుగా అట్లాగే ఉండిపోయింది. ఒకే రోజు కోసినవి రెండు రకాలుగా ఎందుకు నడిచాయో తెలియక, తన లెక్కే తప్పిందని ఆ పిల్ల నోటుబుక్కు ముందు పెట్టుకుని ఏడ్చింది. అన్నం ముట్టలేదు. చివరికి పళ్లెం పక్కనపెట్టి చెప్పేశాను.

“నీది తప్పు కాదమ్మా. నేనే పసుపు పెట్టినాను.”

“ఏమి పెద్దమ్మా, ఇంత చెప్పి పోయినాను కదా!”

మా ఇంటాయన ఊరుకుంటాడా? “ఉప్పు ఉండాది, పసుపు పడినాది. ఇంత చింతపండు కూడా వేసుంటే పులుసు అయిపోయుండును కదమ్మే!”

ఎవరూ నవ్వలేదు. మరునాడు పిల్ల తనే నా పక్కన చేరి, కరగడమంటే కుళ్లడం కాదని, గాయం దగ్గరి పాత కండలోని మాంసకృత్తులను ఆ జీవే ముక్కలు ముక్కలుగా విడగొట్టుకుని, అడ్డం తొలగించుకుని, పనికొచ్చే ముక్కలతో కొత్త చేతిని కట్టుకుంటుందని చెప్పింది. పొట్టి అయిన స్వెటరును విప్పి, ఆ ఉన్నితోనే మళ్లీ అల్లినట్టా అని అడిగితే, అట్లాంటిదేనంది. దాన్ని ఆపింది పసుపో, నా చేతి నలుగుడో మాత్రం తేల్చి చెప్పలేనంది. పెద్దమ్మ పసుపు పూసిందని ఉన్నది ఉన్నట్టు నోటుబుక్కులో రాసుకుంది. ఆ నిజాయితీకే కాలేజీలో ఆమె మేడమ్ రెండోదాని రాతను ఒప్పుకుందట. నాది కూడా ఆలస్యంగానైనా మొలిచిందని తర్వాత ఉత్తరం వచ్చింది. దాన్ని ఎన్నిసార్లు చదివించుకున్నానో!

ఇప్పుడు మా ఇంట్లో చదువులకేం తక్కువ లేదు. మనవరాళ్లు ఇద్దరూ తలుపు వేసుకుని, కంప్యూటరు ముందు ఏవో పెద్ద చదువులే చదువుతున్నారు. కాఫీ ఇవ్వడానికి వెళితే తెర మీద రంగురంగుల గీతలు కనబడతాయి. అవేమిటో వాళ్లు చెప్పరు, నాకు అడగడం చేతకాదు. ఆ చదువులను బాగు చేయడం సరే, చెడగొట్టడానికైనా నా చెయ్యి అందదు.